ముందు చక్రం

శనివారం పొద్దున ఐదింటికి ప్రమీల జొన్నరొట్టె తడుతోంది. సూరత్ లింబాయత్‌లో వాళ్లుండేది ఒకే ఒక్క గది. వంటిల్లు, పడకటిల్లు, సైకిలు పెట్టుకునే చోటు, అన్నీ అదే. గోడకు ఆనించిన సైకిలు మధ్యలో ఉంటే మనుషులే ఒదిగి నడవాలి. రెండేళ్ల కిందట కూతురు కరుణ ఆ పాత రేసు సైకిలు కొనుక్కొచ్చిన రోజు నుంచి ఆమె తండ్రి పరుశురాం మోకాలు దానికి తగలని రోజు లేదు, తగిలినప్పుడు ఆయన తిట్టని రోజూ లేదు.

"తిని పో బిడ్డా. ఖాళీ కడుపుతోని బార్డోలీ దాకా ఎట్ల తొక్కుతవ్?" అంది ప్రమీల.

"రెండు అరటిపండ్లు తిన్న అమ్మా. రొట్టె తింటే రోడ్డు మీద కక్కుతా."

"అయితే కట్టిస్తా. తొక్కినంక తినుండ్రి. హేతల్‌కు గూడ రెండు పెడుతున్న."

హేతల్ కరుణ జట్టు నాయకురాలు. నలుగురు అమ్మాయిల జట్టు అది. మూడు రోజుల పందెం, రోజుకో దారి. మూడు రోజులు కలిపి ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్లే గెలిచినట్టు. మొత్తం నలభైమంది. అందరూ సరదాకి తొక్కేవాళ్లేనని పేరు, కానీ కరుణకది సరదా కాదు. చీరల అంచుల మీద తేలే దారాలు కత్తిరించే పనిలో తల్లి పక్కన కూర్చుని రెండేళ్లు కూడబెట్టి కొన్న సైకిలది. ఇదే ఆమె మొదటి పందెం. తండ్రి మాట ప్రకారం చివరిది కూడా కావచ్చు.

పరుశురాం పట్టిన కుందేటికి మూడే కాళ్లు. పదమూడో ఏట సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, ముప్పై ఏళ్లుగా పన్నెండేసి గంటలు నిలబడి మరమగ్గాలు నడిపినవాడు. బిడ్డ కుర్చీలో కూర్చుని పని చేయాలన్నది ఆయన ఒక్కగానొక్క కోరిక. కరుణ మేనమామను పట్టుకుని రింగురోడ్డు మార్కెట్‌లో చీరల దుకాణంలో బిల్లులు రాసే పని కుదిర్చాడు. సోమవారం నుంచి చేరాలి. కరుణ ఏడ్చి, అలిగి, అన్నం మానేస్తే చివరికి ఒక ఒప్పందానికి దిగాడు.

"మొదటి పదిమందిల వస్తే తొక్కుకో. రాకుంటే ఐతారమే సైకిల్ అమ్ముడే. మాటంటే మాట."

నిన్న కిమ్ ఊరి దాకా వెళ్లి వచ్చిన మొదటి రోజు పందెంలో కరుణ ఏడోది. పరుశురాం విని, "ఇంకా రెండు దినాలున్నయ్" అని మాత్రం అన్నాడు. కానీ ఆ పూట ఒక రొట్టె ఎక్కువ తిన్నాడని ప్రమీల లెక్కపెట్టింది.

ముందు చక్రానికి గాలి కొడుతూ కరుణ ఆగింది. చక్రం మధ్యలో, ఊచ మొదట్లో, ఎరుపూ తెలుపూ కలిసిన నూలుపోగు కట్టి ఉంది. గోటితో తడిమితే తప్ప తెలియనంత చిన్న ముడి.

"అమ్మా, ఇది నువ్వే కట్టినవా?"

"నాకు గంత చిన్న ముడి యాడ వస్తది?" అంది ప్రమీల నవ్వాపుకుంటూ. "మీ తాత కొత్త మగ్గానికి పాత మగ్గం కొస నూలు కట్టెటోడు. చేతికొచ్చిన పనిముట్టుకు మంచి జరగాలని. బేస్తారం నాడు నువ్వు తానం చేస్తుంటే మీ బాపు గాడ వంగి ఏదో చేసిండు. అడిగితే గాలి చూసిన అన్నడు."

కరుణ ముడిని ఒకసారి నిమిరి సైకిలు ఎత్తుకుని మెట్లు దిగింది.

బార్డోలీ దారి పొడవునా చెరకు తోటలు. ముందు గుంపులో పదకొండు మంది ఉన్నారు. వాళ్లలో హేతల్, ఆమె వెనకే కరుణ. ఇక పన్నెండు కిలోమీటర్లు ఉందనగా హేతల్ సైకిలు గుంతలో పడింది. టైరు పగలడం కాదు, ముందు చక్రమే వంగిపోయింది. చక్రాలు, టైర్లు తెచ్చే సాయం బండి ఎక్కడో వెనక ఉంది. మిగిలిన ఇద్దరు జట్టు పిల్లలూ అంతకన్నా వెనక. ముందు గుంపు కళ్ల ముందే దూరమవుతోంది.

ఇద్దరికీ కలిపి మంచి ముందు చక్రం ఒక్కటే ఉంది. హేతల్ నిన్న రెండోది, ఆమెకు మొత్తం పందెమే గెలిచే వీలుంది. కరుణ ఏడోది, ఆమెకు తన సైకిలు దక్కే వీలుంది. ఆలోచించడానికి ఎంతసేపు పట్టిందో కరుణకే తెలియదు. దిగి తన ముందు చక్రం ఊడదీసి హేతల్ చేతిలో పెట్టింది.

"జావ్. భాగ్!" అంది, పొమ్మని చెయ్యూపుతూ.

సాయం బండి వచ్చేసరికి పదకొండు నిమిషాలు. వాళ్లిచ్చిన బరువు చక్రం వేసుకుని బార్డోలీ చేరేసరికి పట్టికలో ఆమె పేరు ముప్పైనాలుగో చోట ఉంది.

సాయంత్రం నాలుగింటికి పరుశురాం నిద్ర లేచాడు. రాత్రి డ్యూటీకి టైముంది. చాయ్ గ్లాసు అందుకుని అడిగాడు.

"ఎన్నోది?"

"ముప్పైనాలుగు."

గ్లాసు కింద పెట్టాడు. "పడ్డవా?"

"లేదు బాపూ. హేతల్ చక్రం ఒంగింది. నాది ఇచ్చిన."

"ఇచ్చినవా?" ఆయనకు అర్థం కాలేదు. "ఆమెది ఒంగితే ఆమె ఆగాలె. నువ్వెందుకు ఆగుతవ్?"

"మేం నలుగురం ఒక జట్టు. ఆమె గెలిస్తే మేమంతా గెలిచినట్టే."

"పట్టిక మీద నీ పేరు పైనుందా, ఆమె పేరా?" గొంతు లేచింది. పక్క గదిలో టీవీ శబ్దం తగ్గింది. "కార్ఖానల ఎవని మీటర్లు వాని పేరు మీదనే రాస్తరు. పక్కోని బట్ట నేస్తే నీకు ఎవడన్న కూలి ఇస్తడా? గింత తెల్వకపాయె! నేను ఒక్కటే అడిగిన, పదిమందిల రా అని. నీకు సైకిల్ అక్కెర లేదు, గదే నిజం!"

"అక్కెర లేదా?" కరుణ లేచింది. "ఆ చక్రం ఇచ్చేటప్పుడు నా పానం పోయినట్టయింది బాపూ! నీకేం ఎరుక? ఇచ్చి రోడ్డు పక్కన నిలబడి ఏడ్సిన. అయినా మళ్ల గట్లయితే మళ్ల ఇస్తా!"

"రేపు తెచ్చి ఇయ్యి సైకిల్. అమ్ముడే."

అంతదాకా దారాలు కత్తిరిస్తూ ఉన్న ప్రమీల కత్తెర కింద పెట్టింది.

"నిరుడు నీ చెయ్యి మిషన్ బెల్టుల పడి నలిగినప్పుడు నలభై దినాలు నీ మిషన్లు ఎవరు నడిపిండ్రయ్యా?"

పరుశురాం కొక్కేనికున్న చొక్కా అందుకున్నాడు.

"పక్క మగ్గాల సదానందం తన మిషన్లు సగం ఆపుకొని నీ మిషన్లు నడిపిండు. మీటర్లు నీ పేరు మీద రాయించిండు. ఆ కూలి బియ్యమే తిన్నం మనం. అప్పుడు ఆయనకు గిట్ల లెక్క తెల్వకపాయెనా?"

ఆయన చొక్కా తొడుక్కున్నాడు. టిఫిను డబ్బా తీసుకోకుండానే వెళ్లిపోయాడు. ఆ పూట ఇంట్లో ఎవరూ తినలేదు.

ఆదివారం చివరి రోజు పందెం ఆల్థాన్‌లో, ఆ పేట రోడ్ల మీదే పన్నెండు చుట్లు. తొమ్మిదింటికి, డ్యూటీ దిగి నిద్రపోకుండా, జుట్టంతా నూలు దుమ్ముతోనే పరుశురాం అక్కడికి వచ్చాడు. పక్కన సదానందం.

"సైకిల్ తీస్కపోను వచ్చిన" అన్నాడు అడగకుండానే.

"సరే అన్నా" అన్నాడు సదానందం.

గుంపు వచ్చింది. అందరికన్నా ముందు కరుణ! తల వంచి, ఎదురుగాలిని మొహాన మోస్తూ తొక్కుతోంది. ఆమె వెనక చాటున హేతల్. చుట్టు తర్వాత చుట్టు అదే వరస. ప్రతి చుట్టుకూ ఆయన కంచె మీద ఇంకాస్త ముందుకు వంగాడు. చివరి మలుపులో హేతల్‌కు దారిస్తూ కరుణ పక్కకు తప్పుకుంది.

"ఏయ్! ఎందుకు తప్పుకున్నవ్? తొక్కు బిడ్డా!" గొంతు చించుకున్నాడు.

హేతల్ దూసుకుపోయింది. గీత దాటింది. మూడు రోజుల పందెం నాలుగు సెకన్ల తేడాతో ఆమెదే అని మైకులో చెప్పారు. కరుణ ఎక్కడో వెనక వస్తోంది.

పరుశురాం చప్పట్లు కొట్టలేదు. గుంపును తోసుకుంటూ ముందుకు వెళ్లాడు. కంచెకు ఆనించిన హేతల్ సైకిలు దగ్గర కాళ్లు వాటంతటవే ఆగాయి. ముందు చక్రంలో, ఊచ మొదట్లో, ఎరుపూ తెలుపూ నూలు. వంగి చూశాడు. ముప్పై ఏళ్లుగా రోజుకు వందసార్లు వేసిన ముడి అది. ఎవరి ముడో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"కాకా, యే కరుణాకా పహియా హై" అంది హేతల్ చెమట తుడుచుకుంటూ. "కల్ ఉస్‌నే దియా థా. అభీ లౌటా దూఁగీ." చక్రం కరుణదేనని, నిన్న ఆమే ఇచ్చిందని, ఇప్పుడే తిరిగిచ్చేస్తానని.

"దేదో" అన్నాడు పరుశురాం. "మగర్ దాగా నికాల్‌కే తుమ్ రఖో." చక్రం ఇచ్చెయ్యమని, నూలుపోగు మాత్రం విప్పి ఆమెనే ఉంచుకొమ్మని.

అప్పటికి కరుణ వచ్చి దిగింది. నిలబడలేక సైకిలు మీదే వాలింది. తండ్రిని చూసి, హ్యాండిలు ఆయన వైపు తిప్పింది.

"తీస్కో బాపూ. మాటంటే మాట. ముప్పైయ్యొకటో దాన్ని."

ఆయన తీసుకోలేదు. చొక్కా జేబులో వేళ్లు పెట్టి నూలుపోగు ఒకటి తీశాడు. హేతల్ విప్పి ఇచ్చిన చక్రాన్ని కరుణ చేతికిచ్చి, నడిరోడ్డు మీద గొంతుక్కూచున్నాడు.

"జర గట్టిగ పట్టుకో. కదలనియ్యకు."

నలిగిన వేళ్లు సరిగ్గా వంగవు. మొదటిసారి ముడి జారింది. రెండోసారి కళ్లల్లో నీళ్లు అడ్డం వచ్చాయి. మూడోసారికి పడింది.

"నా మిషన్లు నడిపిన నలభై దినాలు ఈ సదానందం పేరు యాడ రాయలే బిడ్డా" అన్నాడు తల ఎత్తకుండానే. "రాత్రంతా మగ్గాల ముందట గదే యాదికొచ్చింది. నువ్వు చేసింది తప్పయితే, నేను తిన్న బువ్వ గూడ తప్పే."

కరుణ ఆయన పక్కనే రోడ్డు మీద కూలబడి, నూలు దుమ్ము తల మీద మొహం పెట్టి ఏడ్చింది. సదానందం అటు తిరిగి నిలబడ్డాడు.

"దుకాణం పదింటికి తెరుస్తరట" అన్నాడు పరుశురాం కళ్లు తుడుచుకుని. "పొద్దుగాల ఐదింటి నుంచి తొమ్మిది దాకా తొక్కుకోరాదు?"

ఆయనే సైకిలు మెట్లెక్కించి ఇంటికి తెచ్చాడు. గోడకు ఆనించి తిరిగేసరికి పెడలు మోకాలికి గట్టిగా తగిలింది. పొయ్యి దగ్గర ప్రమీల, ఇక తిట్లు మొదలవుతాయని చూసింది. ఆయన మోకాలు రుద్దుకుని, సైకిలును ఇంకాస్త గోడ పక్కకు జరిపి, ఒదిగి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"నిన్నటి సంది తినలే. రొట్టె పెట్టు" అన్నాడు. "బిడ్డకు ముందు."