కరెంటు లేనప్పటి బొమ్మ

ఉదయం తొమ్మిదింపావుకు సెలూన్ కుర్చీలో కూర్చున్న మనిషిని వెనక నుంచి రెండుసార్లు కాల్చారు. అప్పటికి గడ్డం సగం గీసి ఉంది. మార్చురీలో మిగతా సగం ఎవరూ గీయలేదు.

చనిపోయిన మనిషి గూఢచార శాఖలో ఇంజినీరు. శాఖ మొత్తం మీద సర్క్యూట్ డయాగ్రమ్ చదవగలిగినవాడు అతనొక్కడే. అతని భార్య తమ్ముడు అదే శాఖలో ఏజెంటు. ముఖం చూస్తే ఎవరికీ అనుమానం రాదు, రెండోసారి చూడాలనీ అనిపించదు. అందుకే అతన్ని అందరూ గుమాస్తా అనేవారు. పది గంటలకు డైరెక్టర్ అతన్ని పిలిపించాడు.

"మీ బావ పోయాడు. కూర్చో."

గుమాస్తా కూర్చోలేదు. "ఎవరు?"

"ముఠా. సెలూన్ సంగతి వాళ్ళకి ఎవరు చెప్పారన్నది తర్వాత. ముందు పని."

డైరెక్టర్ ఒక ఫోటో బల్ల మీదికి తోశాడు. ఫోటోలో గీతలు, చుక్కలు, ఒక చతురస్రం.

"ఇదేంటో చెప్పు."

"చీమలు పాకినట్టుంది సర్."

"బాంబు. హోటల్ మేడ మీద లిఫ్టు మెషీన్ రూములో పెట్టారు. ఇవాళ నాలుగింటికి పేలుతుంది. శాంతి చర్చలకొచ్చిన డెలిగేషన్ సరిగ్గా అప్పుడే ఆ లిఫ్టులో దిగుతుంది. దాన్ని మీ బావ ఆపాలి. ఇప్పుడు నువ్వు ఆపాలి."

"బాంబ్ స్క్వాడ్ ఉందిగా?"

"అందులో వాళ్ళ మనిషి ఉన్నాడు. ఎవరో తెలీదు. హోటల్ ఖాళీ చేయిస్తే ముఠా నాయకుడు ఇవాళే దేశం దాటేస్తాడు. వాడు నాకు కావాలి."

"నాకు ఫిజిక్స్ రాదు సర్."

"పరీక్ష పాసయ్యావా లేదా?"

"అయ్యాను."

"నీ ఫైలు నా దగ్గరుంది."

"మూడోసారి అయ్యాను."

"అయితే చాలు. నెమలి నేర్పుతుంది."

నెమలి ముఠా నాయకుడి సెక్రటరీ. చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. రెండేళ్ళుగా అక్కడి కబుర్లు ఇక్కడికి చేరవేస్తోంది. అనుమానం రాకుండా ఇక్కడి కబుర్లు కొన్ని అక్కడికీ చేరవేయాలి. ఎన్ని చేరవేయాలో డైరెక్టరే కొలిచి ఇస్తాడు. బల్ల మీదున్న ఫోటో ఆమె తీసి పంపిందే.

"అక్కకి..." అన్నాడు గుమాస్తా.

"సాయంత్రం. శవాన్ని గుర్తు తెలియని మనిషిగా రాయించాను. మనకింకా తెలీదనే ముఠా అనుకోవాలి. మీ అక్క ఏడిస్తే వీధికంతా వినబడుతుంది."

పరికరాల సెక్షన్ వాళ్ళు అతనికి ఒక పెన్ను ఇచ్చారు. అది టార్చి అవుతుంది, కెమెరా అవుతుంది, వైరు కత్తిరిస్తుంది. రాయదు.

బ్యూటీ పార్లర్ వెనక గదిలో కలుసుకోవాలి. గుమాస్తా కౌంటర్ దగ్గర కోడ్ మాట చెప్పాడు.

"జుట్టుకి రంగు వెయ్యాలి."

"తెల్లది నల్లగానా?"

"నల్లది తెల్లగా."

కౌంటర్ అమ్మాయి తెర పక్కకు తీసింది. ఆ తర్వాత పది నిమిషాలకు నెమలి వచ్చింది. పార్లర్‌లో ఉన్న ఆడవాళ్ళు ముగ్గురూ అద్దంలో తమను చూసుకోవడం మానేసి ఆమెనే చూశారు.

"ఇంజినీరు గారు రాలేదా?" అంది.

"జ్వరం."

"అయ్యో." ఆమె గ్లవ్స్ తొడుక్కుని అతని తలకు తెల్లరంగు పట్టించడం మొదలుపెట్టింది. హోటల్‌కు అతను ముసలి లిఫ్టు మెకానిక్‌గా వెళ్ళాలి. ఫోటో అద్దానికి అంటించి ఉంది. బ్రష్ కాడతో చూపిస్తూ పాఠం చెప్పింది.

"ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి గుమాస్తా గారూ. డబ్బాలో ఏది ఎక్కడుందో ఈ బొమ్మ చెప్పదు. ఎవరికి ఎవరు చుట్టమో చెబుతుంది. గీత అంటే చుట్టరికం. ఇదిగో, రెండు గీతలు అడ్డంగా దాటాయి. ఏంటి దానర్థం?"

"కలిశాయి."

"కలవలేదు. రోడ్డు మీద ఎదురుపడ్డవాళ్ళంతా చుట్టాలా? దాటినచోట నల్లచుక్క ఉంటేనే కలిసినట్టు. ఇక్కడ?"

"చుక్క ఉంది. కలిశాయి."

"పరవాలేదు, బుర్ర ఉంది. వాడలేదంతే. ఈ పొడుగు గీత, పొట్టి గీత?"

"తెలీదు."

"బ్యాటరీ. పొడుగుది ప్లస్, పొట్టిది మైనస్. వంకర గీత రెసిస్టర్. కరెంటు జబ్బ పట్టుకుని, ఎక్కడికా పరుగు అని అడుగుతుంది. ఇప్పుడు మీరు చెప్పండి. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరి మైనస్‌కి తిరిగి రావాలి. దారి తెగితే కరెంటు లేదు."

గుమాస్తా వేలితో గీత వెంట నడిచాడు. రెండుసార్లు దారి తప్పాడు. రెండుసార్లూ ఆమె బ్రష్ కాడతో వేలి మీద కొట్టింది. మూడోసారి చేరాడు. చీమల్లా కనిపించినవి వీధుల్లా కనిపించసాగాయి. అతనికి తెలియకుండానే ముఖంలో నవ్వు వచ్చింది.

జేబులో ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్, మీ బావ ఫోన్ ఎత్తట్లేదురా. పొద్దున సెలూన్‌కని వెళ్ళిన మనిషి. గడ్డానికి ఇంతసేపా?"

"ఆఫీసులోనే ఉన్నాడక్కా. మీటింగ్."

"టిఫిన్ కూడా తినలేదు. నువ్వైనా కాస్త ఏదన్నా తినిపించు. నీ మాటైతే వింటాడు."

"సరే."

"ఫోన్ చెయ్యమను."

"చెబుతానక్కా."

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నెమలి బ్రష్ ఆగలేదు.

"జ్వరంతో మీటింగా?" అంది. "అబద్ధం చెప్పేటప్పుడు ఇద్దరికీ ఒకటే చెప్పాలి. సరే, ఇక అసలు పాఠం. రిలే."

ఆమె ఫోటో మధ్యలో చూపించింది. ఒక తీగచుట్ట, పక్కన ఒక మీట. మీటకు ఒకవైపు చిన్న దీపం, రెండోవైపు బాంబును పేల్చే డెటొనేటర్.

"తీగచుట్టని కాయిల్ అంటారు. కరెంటు వస్తే అయస్కాంతమై మీటని లాగుతుంది. కరెంటు పోతే వదిలేస్తుంది. బొమ్మలో మీట ఎటు ఉంది?"

"దీపం వైపు."

"బొమ్మ ఎప్పుడూ నడుస్తున్న యంత్రాన్నే చూపిస్తుంది. అంటే ఇప్పుడు కాయిల్‌లో కరెంటు ఉంది. మీటని దీపం వైపు లాగి పట్టుకుంది. ఈ చతురస్రం టైమర్. నాలుగింటికి కరెంటు ఆపేస్తుంది. మీట జారి డెటొనేటర్ మీద పడుతుంది."

"అయితే కరెంటు ఆగకుండా చూడాలి."

"శభాష్." ఆమె రెండు కొనలకూ క్లిప్పులున్న వైరు ముక్క అతని చేతిలో పెట్టింది. "టైమర్‌కి రెండు కాళ్ళుంటాయి. ఒక్కో కాలికి ఒక్కో క్లిప్పు. టైమర్ ఆపినా కరెంటు పక్కదారిన వెళ్తుంది. మూడూ యాభై దాటాకే తగిలించండి. ముందే తగిలిస్తే బ్యాటరీ అయిపోతుంది."

"కాయిల్ వైరు కత్తిరిస్తే?"

"డెలిగేషన్ కన్నా ముందు మీరు కిందికి దిగుతారు. లిఫ్టు అక్కర్లేకుండా."

మూడున్నరకు తెల్లజుట్టు, మెకానిక్ చొక్కా, సంచితో గుమాస్తా హోటల్‌కు చేరాడు. మేనేజర్ అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"మీ కంపెనీలో అందరూ ముసలోళ్ళేనా అండీ? పోయినసారి వచ్చినాయన మేడ ఎక్కేసరికి రిటైరయ్యేలా ఉన్నాడు."

"ఆయన అయిపోయాడు లెండి," అన్నాడు గుమాస్తా.

మెషీన్ రూములో మోటారు, ఇనప బీరువా లాంటి కంట్రోల్ ప్యానెల్, గ్రీజు వాసన. ప్యానెల్ వెనక గోడకు డబ్బా ఉంది. మూత నాలుగు మరలతో బిగించి ఉంది. అతను మరలు విప్పాడు. లోపల బొమ్మలో ఉన్నవే ఉన్నాయి, బొమ్మలో ఉన్నచోట మాత్రం లేవు. బ్యాటరీ దొరికింది. టైమర్ దొరికింది. రిలేకు నల్ల మూత ఉంది, మీట కనబడదు. చిన్న దీపం వెలుగుతోంది.

క్లిప్పు తగిలించడానికి ఇంకా చాలా సమయం ఉంది. చెవిలో పెట్టిన రేడియో ఆ గది గోడల మధ్య పని చేయడం లేదు. చేయడానికేమీ లేదు.

ప్యానెల్ తలుపు తెరిచి ఉంది. తలుపు లోపలివైపు లిఫ్టు కంపెనీ వాళ్ళ డయాగ్రమ్ అంటించి ఉంది. అక్షరాలు కొత్తగా వచ్చిన పిల్లవాడు దారిలో కనిపించిన బోర్డులన్నీ చదివినట్టు గుమాస్తా దాన్ని చదవడం మొదలుపెట్టాడు. చుక్క ఉంది, కలిశాయి. చుక్క లేదు, దాటాయి. రెసిస్టర్. కాయిల్. కాయిల్ పక్కన మీట, ఎడమవైపు.

డయాగ్రమ్‌లో ఆ రిలేకు ఏడో నంబరు వేశారు. ప్యానెల్‌లో ఏడో నంబరు రిలే కోసం వెతికాడు. దానికి అద్దపు మూత ఉంది. లిఫ్టు పైకి వస్తోంది, మోటారు తిరుగుతోంది, కాయిల్‌కి కరెంటు అందుతున్నట్టు రిలే మీద ఎర్రదీపం వెలుగుతోంది. మీట కుడివైపు ఉంది.

తను తప్పు చదివాడనుకుని మళ్ళీ చదివాడు. బొమ్మలో ఎడమే. అప్పుడు లిఫ్టు ఆగింది. ఎర్రదీపం ఆరింది. మీట టక్కుమని ఎడమకు పడింది, సరిగ్గా బొమ్మలో ఉన్నట్టు.

లిఫ్టు మళ్ళీ కదిలింది. మీట కుడికి వెళ్ళింది. ఆగింది. ఎడమకు వచ్చింది.

పెన్ను టార్చి వెలిగించి డయాగ్రమ్ అడుగు అంచు చూశాడు. చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. మీటలన్నీ కరెంటు లేనప్పుడు ఎలా ఉంటాయో అలాగే చూపబడినవి.

సిద్ధంగా ఉండాలని ఒక క్లిప్పు అతను ముందే టైమర్ కాలికి తగిలించాడు. రెండోది అతని వేళ్ళ మధ్య ఉంది.

గుమాస్తా నేల మీద కూర్చున్నాడు. నెమలి చెప్పినట్టు మొదటి నుంచి, బ్యాటరీ ప్లస్ నుంచి, వేలితో నడిచాడు. బొమ్మ కరెంటు లేనప్పటిదైతే, కరెంటు లేనప్పుడు మీట దీపం వైపు ఉంటుంది. కరెంటు వస్తే డెటొనేటర్ వైపు పోతుంది. దీపం వెలుగుతూనే ఉంది, డబ్బా ఇంకా పేలలేదు. కాబట్టి ఇప్పుడు కాయిల్‌లో కరెంటు లేదు. నాలుగింటికి టైమర్ కరెంటు ఆపదు, ఇస్తుంది. ఈ రెండో క్లిప్పు తగిలిస్తే, ఇప్పుడే ఇస్తుంది.

లిఫ్టు కంపెనీ పద్ధతి వేరు, ముఠా పద్ధతి వేరు అయితే? అక్క ఫోన్ వచ్చినప్పుడు నెమలి బ్రష్ ఆగకపోవడం గుర్తొచ్చింది. జ్వరం అబద్ధమని పట్టుకున్నాక, ఇంజినీరు అసలేమయ్యాడని అడగకపోవడం కూడా.

మొదటి క్లిప్పు తీసేశాడు. పెన్ను నోరు తెరిచి కాయిల్ వైరు అందులో పెట్టాడు. కళ్ళు మూసుకోలేదు, దీపాన్నే చూస్తూ నొక్కాడు. వైరు తెగింది. దీపం వెలుగుతూనే ఉంది. నాలుగింటికి టైమర్‌లో చిన్న చప్పుడైంది. దీపం వెలుగుతూనే ఉంది.

హోటల్ బయట డైరెక్టర్ కారులో కూర్చుని ఉన్నాడు. గుమాస్తా పక్క సీట్లోకి ఎక్కాడు.

"ఏం కత్తిరించావు?"

"కాయిల్ వైరు. ఆమె చెప్పింది వేరే."

"అయితే ఆమే," అన్నాడు డైరెక్టర్. రేడియోలో ఒక మాట చెప్పాడు. పార్లర్ బయట కాపలా ఉన్నవాళ్ళు లోపలికి వెళ్ళారు.

"డెలిగేషన్ దిగిందా సర్?"

"పొద్దున్నే వేరే హోటల్‌కి మార్చాను."

గుమాస్తా తలెత్తి హోటల్ మేడ వైపు చూశాడు. "మరి లిఫ్టులో ఎవరు తిరిగారు?"

"మనవాళ్ళు ఇద్దరు. లిఫ్టు నడుస్తోందని ముఠాకి కనబడాలిగా."

"వాళ్ళకి తెలుసా?"

"తెలిస్తే ఎక్కుతారా?" డైరెక్టర్ కిటికీ అద్దం ఎత్తాడు. "మీ బావ ఏ రోజు సెలూన్‌కి వెళ్తాడో మీ అక్కని వదిలేస్తే ముగ్గురికే తెలుసు. నేను, నువ్వు, నెమలి. నేను కాదు. నువ్వు పేలిపోతే ఆమె. నువ్వు బయటికొచ్చాక డబ్బా పేలితే నువ్వు."

"రెండూ కాకపోతే?"

"అది నేను అనుకోలేదు. నీకు మూడోసారి వచ్చిన మార్కులు చూశానుగా."

నెమలి అరగంటలో నోరు విప్పింది. ముఠా నాయకుడు, మరో ముగ్గురు, బాంబ్ స్క్వాడ్‌లో ఉన్న మనిషి చీకటి పడేలోపు దొరికారు.

ఆరున్నరకు గుమాస్తా అక్క ఇంటికి వెళ్ళాడు. జుట్టు ఇంకా తెల్లగానే ఉంది. ఆమె తలుపు తీసి చూసింది.

"ఏంట్రా ఆ వేషం? బావేడి?"

అతను చెప్పాడు. ఆమె గోడ పట్టుకుంది.

"నేను ఫోన్ చేసినప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

"తినిపించమన్నాను కదరా."

ఆమె తలుపు వేసుకుంది. అతను మెట్ల మీద కూర్చున్నాడు. లోపలి ఏడుపు వీధికంతా వినబడింది.

శనివారం డైరెక్టర్ మళ్ళీ పిలిచాడు.

"ఇంజినీరు పోస్టు భర్తీ చేశాను."

"ఎవరు సర్?"

"నెమలి. జైల్లో పెడితే ఇరవై ఏళ్ళు కూర్చుని తింటుంది. ఇక్కడుంటే పని చేస్తుంది. మనవాళ్ళకి సర్క్యూట్లు చదవడం నేర్పుతుంది. పాఠం బాగా చెబుతుందిగా?"

"ఆమె మా బావని చంపించింది సర్."

"అందుకే పోస్టు ఖాళీ అయింది. నువ్వు క్లాసుకి రావాలి. తప్పు చెబితే పట్టుకోగలిగినవాడు శాఖలో నువ్వొక్కడివే."

సోమవారం పది గంటలకు శాఖ నేలమాళిగలో క్లాసు మొదలైంది. నెమలి ఎడమ చేతి సంకెలను బల్ల కాలికి కట్టారు. కుడి చేత్తో ఆమె బోర్డు మీద రెండు గీతలు అడ్డంగా గీసి, అవి కలిశాయా లేదా అని అడిగింది. క్లాసులో ఆరుగురు ఉన్నారు. గుమాస్తా ముందు బెంచీలో కూర్చున్నాడు.