పదమూడో డిస్కు

తొమ్మిదో తరగతి జవాబు పత్రాలు దిద్దుతున్నాను. సరిగ్గా వాటి మీద ఎవరో ఒక అట్టపెట్టె తెచ్చి పెట్టారు.

"ఈ డబ్బా లైబ్రరీకి ఇచ్చింది మీరేనా?"

తల ఎత్తాను. నీలం ఏప్రన్, మోచేతుల దాకా తెల్లటి ప్లాస్టర్ పొడి, ఆ పొడి కంటే ముందే కనిపించే కోపం.

"నేనే."

"ఇందులో పన్నెండు డిస్కులే ఉన్నాయి. పదమూడోది ఏది?"

"అది ఇవ్వలేదండీ."

"ఇవ్వకపోవడమేంటి? రెండు నెలలు కూర్చుని నలభై ఎనిమిది ఎపిసోడ్లు చూశాను. చివరి నాలుగు దాచుకుని మిగతావి దానం చేయడానికి మీకు మనసెలా వచ్చింది?"

పక్క బల్ల దగ్గర డ్రాయింగు మాస్టారు కళ్ళజోడు సర్దుకుని మా వైపు తిరిగి కూర్చున్నారు. ఆయనకి ఆ పీరియడ్ ఖాళీ.

అది జపాన్ వాళ్ళు ఎప్పుడో నలభై ఏళ్ళ కింద తీసిన రోబో సీరియల్. పన్నెండంతస్తుల మేడంత రోబో, దాని ఛాతీలో ఒక గది, ఆ గదిలో కూర్చుని నడిపే మనిషి. అన్నయ్యా నేనూ ఆ రోబోని పెద్దాయన అనేవాళ్ళం. ఆదివారానికి ఒక ఎపిసోడ్. చూడబోయే ముందు, ఇవాళ ఏం జరుగుతుందో అన్నయ్య ఒక చీటీ మీద రాసి డిస్కు కవర్లో పెట్టేవాడు. చూశాక ఆ చీటీ తీసి నేను నవ్వేవాడిని. అతని థియరీ ఒక్కటీ నిజమయ్యేది కాదు.

ఆ చీటీలు కవర్లలోనే ఉండిపోయాయి. నేను చూసుకోలేదు. ఆవిడ చూసింది.

"ఈ చీటీలు రాసింది మీరా?"

"మా అన్నయ్య."

"విలన్ మంచివాడే, మీసం చూస్తే తెలియడం లేదా అని రాశారు. మీసం చూసి మంచితనం ఎలా చెబుతారండీ? మీ అన్నయ్యకి ఉందా మీసం?"

"ఉంది," అన్నాను.

అన్నయ్య పోయి అప్పటికి పదకొండు నెలలు. చెప్పాల్సింది ఒక్క మాట. అప్పటికి ఆ మాట ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ అవతలి ముఖం ఒకేలా మారేది. అన్నయ్యతో పోట్లాడాలని వచ్చిన మనిషి మాత్రం ఈవిడే.

"ఆయన్ని కలవాలి. ప్రతి చీటీకీ నా దగ్గర జవాబుంది."

"ఊళ్ళో లేడు."

"అయితే ఇవి ఇవ్వండి." ఏప్రన్ జేబులోంచి రబ్బరు బ్యాండు వేసిన కాగితాల కట్ట తీసి నా చేతిలో పెట్టింది. "శనివారం సాయంత్రం లైబ్రరీలో ఉంటాను. జవాబులు తెండి. డిస్కు కూడా."

ఆవిడ వెళ్ళిపోయాక డ్రాయింగు మాస్టారు జవాబు పత్రాల మీది పొడి ఊదారు. "మాస్టారూ, అందరికీ రెండేసి మార్కులు కలపండి. మీరిప్పుడు మంచి మూడ్‌లో ఉన్నారు," అన్నారు. నేను మంచి మూడ్‌లో లేను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

అయినా ఆ శుక్రవారం భోజనాల బల్ల దగ్గర కూర్చుని, అన్నయ్యలా గుండ్రటి అక్షరాలతో ఆవిడకి జవాబులు రాశాను.

వదిన గిన్నెలు సర్దుతూ నా భుజం మీదుగా చూసింది. ఒక చీటీ తీసి చదివింది.

"ఆయన ఇంత పొడుగు వాక్యం రాయరు," అంది. చీటీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

*

ఆవిడ పని కృత్రిమ కాళ్ళు తయారు చేయడం. మనిషికి కొలతలు తీసుకుని, అచ్చు పోసి, కాలు చేసి, తొడిగి, నడిపించి చూస్తుంది. ఈ సంగతి రెండో శనివారం తెలిసింది. వదినకి చెబితే ఆవిడకి 'కాళ్ళమ్మాయి' అని పేరు పెట్టింది.

"డిస్కు తెచ్చారా?"

"గీత పడింది. బాగు చేయిస్తున్నాను."

"పోయినసారి అన్నయ్య తీసుకెళ్ళారన్నారు."

"తీసుకెళ్ళినప్పుడే పడింది, గీత."

"ఎంత ఓపికండీ మీకు, ఇన్ని చెప్పడానికి."

లైబ్రరీ ఆయన బల్ల మీద పెన్నుతో కొట్టాడు. ఇద్దరం గొంతు తగ్గించాం.

"మీ అన్నయ్య ఏంటండీ, రోబో బరువు ఎనిమిది వందల టన్నులు కాబట్టి ఎగరలేదని రాశారు? నలభై ఎపిసోడ్లుగా ఎగురుతూనే ఉంది కదా."

"ఎగరకూడదు అని ఆయన ఉద్దేశం."

"దానికి చెప్పమనండి."

నాకు నవ్వొచ్చింది. చాలా నెలల తరవాత వచ్చిన నవ్వు కాబట్టి కాస్త పెద్దగానే వచ్చింది. లైబ్రరీ ఆయన మమ్మల్ని వరండాలోకి పంపేశాడు.

ఆ తరవాత వరండాయే మా చోటయింది. నేను సోమవారం నుంచే శనివారం గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. ఆ ఆలోచన మీదా విసుగే. ఆవిడ అడిగేది నన్ను కాదు, అన్నయ్యని. ఈ వారం ఏమన్నారు, ఆయనకి కోపం వచ్చిందా, ఆయన నవ్వారా. "నవ్వాడు," అని చెప్పేవాడిని. చెబుతున్నంతసేపూ అన్నయ్య ఎక్కడో పక్క ఊళ్ళో నవ్వుతున్నట్టే ఉండేది.

నాలుగో శనివారం వాన పడింది. వరండా అంచున చూరు నీళ్ళు పడకుండా ఇద్దరం గోడకి ఆనుకుని నిలబడ్డాం.

"ఇవాళ అసలు గొడవ," అంది. "ఇరవై ఏడో ఎపిసోడ్."

నాకు తెలుసు. ఇరవై ఆరులో రోబోని నడిపే అన్న చనిపోతాడు. ఇరవై ఏడులో ఆ సీట్లో తమ్ముడు కూర్చుంటాడు. అప్పట్నుంచి రోబో ఎడమకాలు ఈడుస్తుంది. ఎందుకో సీరియల్ ఎక్కడా చెప్పదు.

"తరవాతి ఎపిసోడ్‌కి మీ అన్నయ్య రాసిన చీటీ ఇది: 'పెద్దాయన ఏడుస్తున్నాడు. కళ్ళు లేవు కాబట్టి కాలితో.' చాలా బాగుంది. కానీ తప్పు."

"ఎందుకు తప్పు?"

"అలాంటి నడక నేను రోజూ చూస్తానండీ. ఒకళ్ళ కొలతలతో చేసిన కాలు ఇంకొకళ్ళు తొడుక్కుంటే సరిగ్గా అలాగే నడుస్తారు. రోబోకి ఏమీ కాలేదు. ఏడుపూ లేదు, గీడుపూ లేదు. లోపల ఆ తమ్ముడు సీటు సరిచేసుకోలేదు, అంతే. అన్న పొడుగు, అన్న కాలు, అన్న కొలతలు. వాటితోనే నడుపుతున్నాడు. పది నిమిషాల పని. స్క్రూ తిప్పితే అయిపోతుంది. మూర్ఖుడు, ఇరవై ఎపిసోడ్లు ఈడ్చుకుంటూ తిరిగాడు."

"అంత తేలిక కాదు."

"నా పని అదేనండీ. నాకు తెలుసు."

"మీకు తెలియదు." నా గొంతు వరండా అంతా వినిపించింది. "సరిచేస్తే ఆ సీటు ఇక అన్నది కాదు. అది మీ స్క్రూలకేం తెలుస్తుంది?"

ఆవిడ నన్నే చూస్తూ నిలబడింది. తరవాత సంచిలోంచి రెండు కట్టలు తీసింది. ఒకటి పాత చీటీలు, ఒకటి కొత్తవి.

"ఒక మాట అడుగుతాను. ఈ పాతవాటిలో విలన్ మీద కూడా జాలే. ఈ కొత్తవాటిలో టన్నులు, మీటర్లు, లెక్కలు. ఇవి రాసింది మీ అన్నయ్య కాదు కదా?"

చూరు నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"నా కాగితాలు ఆయనకి ఇవ్వనే లేదన్నమాట. నెల్లాళ్ళ నుంచీ ఆయన నవ్వారు, ఆయనకి కోపం వచ్చింది అంటుంటే నమ్మాను. డ్యూటీ దిగి, చేతులు కూడా సరిగా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చేదాన్ని. ఆటపట్టించడానికి ఇంకెవరూ దొరకలేదా మాస్టారూ మీకు?"

అప్పుడైనా చెప్పొచ్చు. ఆ మాట రాలేదు.

ఆవిడ రెండు కట్టలూ నా చేతిలో పెట్టి వానలోకి దిగి వెళ్ళిపోయింది. గొడుగు గోడకే ఆనించి ఉంది.

*

"వెళ్ళి చెప్పు," అంది వదిన.

"ఏమని?"

"ఉన్నదే."

"వదినా, ఒక్క మనిషి వాడిని గురించి ఉన్నాడన్నట్టు మాట్లాడుతోంది. ఒక్కరు."

వదిన ఇస్త్రీ చేస్తోంది. పెట్టె పక్కన నిలబెట్టింది.

"నాకూ ఉండేది అలాంటిదొకటి. ఫోన్ కంపెనీ నుంచి ఒకమ్మాయి. నెలకోసారి చేసి, సార్ ఉన్నారా మేడమ్, కొత్త ప్లాన్ గురించి చెప్పాలి అనేది. బయటికెళ్ళారమ్మా అనేదాన్ని. నాలుగు నెలలు అన్నాను. ఆ ఫోన్ కోసం ఎదురుచూసేదాన్ని కూడా."

"తరవాత?"

"ఐదో నెల చెప్పేశాను. అటువైపు అది ఒకటే ఏడుపు. అరగంట ఓదార్చాను దాన్ని. ఇంత విసుగు నా జన్మలో ఎప్పుడూ రాలేదు." మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకుంది. "కానీ ఆ రాత్రి నిద్ర పట్టింది. నువ్వు వెళ్ళు. ఆ గొడుగూ తీసుకెళ్ళు."

సోమవారం బడి అవగానే ఆవిడ కాళ్ళు చేసే చోటికి వెళ్ళాను. పొడవాటి గది. గోడ వెంట మేకులకి కాళ్ళు వేలాడుతున్నాయి. చిన్నవి, పెద్దవి, ఒక్కోదానికీ మనిషి పేరు రాసిన చీటీ. ఆవిడ కిటికీ దగ్గర ఒక కాలి పాదాన్ని ఆకురాయితో అరగదీస్తోంది. నన్ను చూసి ఆపలేదు.

"పేషెంట్లకే లోపలికి."

"మా అన్నయ్య లేడు," అన్నాను.

"తెలుసు. ఊళ్ళో లేరు."

"ఎక్కడా లేడు. ఏడాది కావస్తోంది. గుండె ఆగింది. ఆ ఆదివారం పదమూడో డిస్కు పెట్టుకుందామనుకున్నాం. గురువారం పోయాడు. మీరు మీసం ఉందా అని అడిగారు. ఉండేది అనాలి. ఉంది అన్నాను. అక్కణ్ణుంచి వెనక్కి రావడం చేతకాలేదు."

ఆకురాయి ఆగింది. నేను ఆ ముఖం మారడం కోసం ఎదురుచూశాను, అందరి ముఖాలూ మారినట్టు. మారలేదు. ఇంకా కోపంగా అయింది.

"ఇది పట్టుకోండి," అని కాలి రెండో కొస నా చేతికిచ్చింది. పట్టుకున్నాను. కాసేపు అరగదీసింది.

"ఆ రోజు నేను రోబో గురించే మాట్లాడాను."

"తెలుసు."

"తెలిస్తే మరి ఎందుకు అరిచారు?"

"మూర్ఖుడన్నారు."

"అన్నాను." ఆకురాయి ఇంకా గట్టిగా నొక్కింది. "నాలుగు వారాలు ఆయనతో పోట్లాడాను. ఆయన మీద గెలవాలని పుస్తకాలు తిరగేశాను. ఇప్పుడేం చేయను ఇదంతా? గట్టిగా పట్టుకోండి, కదిలిస్తున్నారు."

నేను గట్టిగానే పట్టుకున్నాను.

*

ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. గోడ మీద అన్నయ్య ఫోటో ముందు నిలబడి చాలాసేపు మీసం చూసింది. వదినకి నమస్కారం చేసి, "మేడమ్, మీరూ చూస్తారా?" అంది.

"చూస్తాను. నలభై ఎనిమిది వారాలు ఆ తలుపు అవతల్నుంచి గోల విన్నాను. అసలదేంటో చూడాలి. మీరిద్దరూ మాట్లాడకుండా ఉంటేనే."

నేను పదమూడో డిస్కు పెట్టాను. మొదటి ఎపిసోడ్ అంతా ఎవరం మాట్లాడలేదు. రెండోదానిలో రోబో, ఎవరూ నడపకుండానే, వీధిలో ఏడుస్తున్న ఒక పాప వైపు తిరిగి ఒక అడుగు వేసింది.

"చూశారా," అన్నాను. "ప్రాణం ఉంది."

"తీగ తెగింది, స్ప్రింగు లాగింది. నేను రోజుకి పది చూస్తాను అలాంటివి."

"స్ప్రింగు అయితే పాప వైపే ఎందుకు తిరిగింది?"

"పాప అటువైపు ఉంది కాబట్టి."

వదిన రిమోట్ నొక్కి ఆపేసింది. "బయటికి నడవండి ఇద్దరూ. మెట్ల మీద తేల్చుకుని రండి."

మెట్ల మీద ఎండ పడుతోంది. ఆవిడ రెయిలింగు మీద చేతులు కట్టుకుని నిలబడింది.

"సైన్సు మాస్టారు మీరు. అది ఇనుము."

"ఇనుమే."

"మరి ప్రాణం ఉందని ఎందుకు వాదించారు?"

"ఇంకా రెండు ఎపిసోడ్లే ఉన్నాయి. వాదన అయిపోతే మీరు వెళ్ళిపోతారు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. చంటిపిల్లాడికి నలభైసార్లు చెప్పి అలిసిపోయిన తల్లిలా ఊపిరి వదిలింది. "మళ్ళీ. మళ్ళీ అదే. ఒకటి మనసులో పెట్టుకుని ఇంకొకటి మాట్లాడటం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి మాస్టారూ. నేను అరిచి అరిచి చచ్చిపోతున్నాను."

చెప్పాను.

"మా ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. ఇప్పుడు ఇద్దరం. ఇవాళ మీరు వచ్చాక ఇల్లు ఇల్లులా ఉంది. సీరియల్ అయిపోయాక కూడా మీరు రావాలి. వస్తే ఇక వెళ్ళకూడదు. నాకు మీరంటే ఇష్టం. మొదటి రోజు కాదు. మొదటి రోజు ఒళ్ళు మండింది."

ఆవిడ రెయిలింగు మీది తుప్పు గోటితో గీకింది.

"పెళ్ళి అన్న మాట రాలేదు."

"ఇప్పుడే అనబోతున్నాను."

"నేను అనేశాగా, ఇక వదిలేయండి. మా నాన్నతో కూడా నేనే మాట్లాడతాను. మీరు మొదలుపెడితే అసలు విషయానికి వచ్చేసరికి వేసవి సెలవులొస్తాయి."

"అంటే సరేనా?"

"ఏమండీ, మీకు ప్రతిదీ బోర్డు మీద రాసి చూపించాలా?"

చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నేను చూశానని తెలిసి అటు తిరిగింది.

లోపల్నుంచి వదిన గొంతు వినిపించింది. "తేలిందా లేదా? ఇక్కడ మీ రోబో పావుగంట నుంచి ఒక కాలు గాల్లో పెట్టుకుని నిలబడి ఉంది."

నేను జవాబు చెప్పేలోపే ఆవిడ గుమ్మం వైపు తిరిగింది.

"తేలిందక్కా," అంది.

లోపల వదిన ముక్కు చీదుకోవడం వినిపించింది.

"అయితే వచ్చి నోరు మూసుకుని కూర్చోండి," అంది.