ఐసుపెట్టెలో టీకాలు

దుర్గాసాయికీ యుగంధర్‌కీ పరిచయం చేపల నీళ్ళతో మొదలైంది. నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కుతుంటే దుర్గాసాయి ఐసుపెట్టె ఒరిగి, యుగంధర్ తెచ్చిన ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలన్నీ తడిసిపోయాయి.

"చేపల వాసనొచ్చే పూతరేకులు ఎవరు కొంటారండీ?" అని యుగంధర్ నిలదీశాడు.

"నేను కొంటానండి. మొత్తం ఇచ్చెయ్యండి."

అన్నట్టే కొన్నాడు. పంటు అవతలి ఒడ్డు చేరేలోపు ఇద్దరూ సగం తినేశారు కూడా.

అది వానాకాలం మాట. చలి తగ్గేసరికి ఒకరి ఫోను రాకపోతే ఇంకొకరికి అన్నం సహించని స్థితికి వచ్చారు. అప్పుడు యుగంధర్ ఒక మాట అన్నాడు. ఇంకా దగ్గరయ్యే ముందు ఇద్దరూ రక్తపరీక్షలు చేయించుకుని, హెపటైటిస్ బి, హెచ్‌పీవీ టీకాలు వేయించుకుందామని. మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళకు ఈ జబ్బుల ముప్పు కాస్త ఎక్కువట, టీకాతో ముందే ఆపుకోవచ్చట. రాజమండ్రిలో డాక్టరు ఉషారాణి గారు చెప్పారట.

దుర్గాసాయి ముఖం మాడిపోయింది. "నా మీద అనుమానమా?"

"అనుమానమైతే నీకొక్కడికే వేయించేవాణ్ణి. నేనూ వేయించుకుంటున్నాగా."

కానీ దుర్గాసాయి అసలు భయం వేరు. డాక్టరు ఎందుకని అడుగుతుంది. ఏం చెప్పాలి? వాళ్ళమ్మ లోవమ్మ నరసాపురం బజారులో చేపలమ్ముతుంది, రాజమండ్రి దాకా ఆమెను ఎరగనివాళ్ళు లేరు. తను ఇల్లు చేరేలోపే కబురు చేరిపోతుంది.

అందుకని బ్రహ్మాండమైన ప్లాను వేశాడు. రాజమండ్రిలో ఒక స్నేహితుడి మందుల షాపులో హెపటైటిస్ టీకాలు రెండు తెచ్చేశాడు, ఊళ్ళో కాంపౌండరు చేత గుట్టుగా పొడిపించేద్దామని. చల్లగా ఉంచమన్నాడు షాపతను. చల్లదనం గురించి చేపల వ్యాపారికి ఒకరు చెప్పాలా! ఐసు నిండా దట్టించి, పైన ఉప్పు చల్లి, మధ్యలో టీకాలు పూడ్చాడు.

నిడదవోలు ప్లాట్‌ఫాం మీదికి యుగంధర్‌ని రప్పించి, గొప్పగా మూత తీసి చూపించాడు. మందు రాయిలా గడ్డకట్టి ఉంది. యుగంధర్ అట్ట మీద రాసింది చదివాడు. గడ్డకడితే ఈ టీకా పనికిరాదు, పారెయ్యాల్సిందే.

"పండుగప్ప చేపకి చేసే మర్యాదే దీనికీ చేశావా?" అని కడుపుబ్బ నవ్వాడు. నవ్వి నవ్వి, మెల్లగా ఆగాడు.

"సాయీ, టీకా పోతే ఇంకోటి దొరుకుతుంది. ఎల్లకాలం ఇలా దాక్కోమంటే మాత్రం నా వల్ల కాదు. సోమవారం నేను డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నాను. వస్తే రా."

రైలెక్కి వెళ్ళిపోయాడు. దుర్గాసాయికి ఆ రెండు రోజులూ చేపల ధర కూడా సరిగ్గా చెప్పడం రాలేదు.

సోమవారం యుగంధర్ క్లినిక్‌కి వెళ్ళేసరికి దుర్గాసాయి బెంచీ మీద ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాలో, చెమటలు కక్కుతూ. లోపల ఉషారాణి గారు ఇద్దరి పేర్లూ రాసుకుని, తలెత్తకుండానే దుర్గాసాయిని అడిగారు.

"పక్కనున్నాయన మీకేమవుతారండీ?"

స్నేహితుడు, మేనత్త కొడుకు, బిజినెస్ పార్ట్‌నర్. దారి పొడవునా వల్లించుకున్నవన్నీ పక్కన పెట్టేశాడు.

"నేను ప్రేమించే మనిషండి."

ఆవిడ తలూపి, రాసుకున్నారు. ముందు రక్తపరీక్ష, అది బాగుంటే ఇవాళే మొదటి డోసు అన్నారు. హెపటైటిస్‌ది రెండోది నెలకి, మూడోది ఆర్నెల్లకి, హెచ్‌పీవీ తేదీలు విడిగా రాసిస్తానన్నారు. ఇక్కడ విన్నది గది దాటదని కూడా చెప్పారు. చేపలు మానెయ్యాలా అని దుర్గాసాయి భయంభయంగా అడిగితే, శుభ్రంగా తినమన్నారు.

టీకాలు వేయించుకుని బయటికొచ్చాక యుగంధర్ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆ మాట ముందు నాకు కదా చెప్పాలి, డాక్టరు గారికా?"

"చెబుదామనుకున్న ప్రతిసారీ పంటు ఒడ్డుకొచ్చేసేది."

"అయితే రెండో డోసుకొచ్చినప్పుడు మళ్ళీ చెప్పు."

"ఆయ్. మూడోదానికీ చెబుతా," అన్నాడు దుర్గాసాయి. సూది పడని చెయ్యి వైపుకి మారి, క్లినిక్ ముందు బజారులో అందరూ చూస్తుండగానే అతని చెయ్యి పట్టుకున్నాడు.