మైనస్ నాలుగు

స్టీరింగ్ ఎడమకి తిరిగింది.

బండి తిరగలేదు!

కున్నేయ్ కళ్ళు రోడ్డుని వెతికాయి. హెడ్‌లైట్ల వెలుగులో రోడ్డు పక్క చెట్లు అడ్డంగా పరిగెడుతున్నాయి... ముందుండాల్సిన రోడ్డు కిటికీలోకొచ్చింది... మళ్ళీ చెట్లు...

"బ్రేకు! బ్రేకు కొట్టక్కా!" పక్క సీట్లో మిచీల్ అరుస్తున్నాడు.

బ్రేకు కొడితే ఇద్దరూ లోయలో ఉంటారు.

ఆమె కాలు పెడల్ మీంచి తీసేస్తుంది. వెనకభాగం ఎటు జారుతోందో అటే స్టీరింగ్ వదులుగా తిప్పుతుంది. ఒకటి... రెండు... మూడు...

టైర్లకి రోడ్డంచున పేరుకున్న గట్టి మంచు తగిలింది. బండి ఒక్క కుదుపు కుదిపి, ముక్కు తిన్నగా పెట్టుకుంది.

బతికారు.

"ఇరవై ఏళ్ళ నుంచి నడుపుతున్నావు, ఇలాగేనా?" మిచీల్ డాష్‌బోర్డు వదలకుండా అడిగాడు.

"నోర్మూసుకో! నిన్ను మోస్తున్నాను కాబట్టే ఇలా నడుపుతున్నా."

అద్దంలో రెండు లైట్లు కనిపిస్తున్నాయి.

జీపు. ఊరు దాటినప్పట్నుంచీ వెంటపడుతోంది.

సాయంత్రం నాలుగే అయింది. కానీ నవంబరు చివర్లో యకూతియాలో నాలుగంటే చీకటే. నాలుగు రోజుల క్రితం ఇక్కడ మైనస్ నలభై ఒకటి. పొద్దున ఎక్కణ్ణుంచో వెచ్చటి గాలి దిగింది. ఊరంతా కోటు గుండీలు విప్పేసి పండగ చేసుకుంది.

డ్రైవర్లు తప్ప.

సైడ్ అద్దానికి కట్టిన థర్మామీటర్ వైపు చూస్తుంది కున్నేయ్. మైనస్ నాలుగు. రోడ్డు మీద మంచు పైపైన కరిగి, నూనె పూసిన పళ్ళెంలా మెరుస్తోంది.

జీపు లైట్లు ఆరాయి. వెలిగాయి. ఆరాయి. వెలిగాయి. మళ్ళీ...

మూడుసార్లు!

ఈ రోడ్ల మీద దానికి ఒక్కటే అర్థం. ఆగు, ప్రమాదం.

ఆమె కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీద తేలికయింది.

"ఆపకక్కా! అది ట్రిక్కు!" మిచీల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "గవ్రీల్ మనుషులు. ఆపావా... నన్నిక్కడే పాతేస్తారు. నిన్నూ వదలరు."

ఆమె ఆపలేదు. కానీ మనసు చివుక్కుమంది. పిలిచిన బండికి ఆగకుండా పోవడం ఆమెకి జీవితంలో ఇదే మొదటిసారి. ఇంజన్ ఆగితే గంటలో మనిషి కట్టెలా బిగుసుకుపోయే చోట, ఎవరి కోసమైనా ఎవరైనా ఆగాల్సిందే. ఎర్చిమ్ పెళ్ళిబట్టల్లో ఉండి కూడా ఆగాడు, ఎవడిదో లారీ టైరు మార్చడానికి.

ఎర్చిమ్!

ఆమె మొగుడు. ఇరవై రెండేళ్ళు లారీ నడిపినవాడు. ఒక్క గీత పడనివ్వలేదు బండికి. పోయిన జనవరిలో కనుమ మీంచి లారీతో సహా కింద పడ్డాడు. పక్క ఊరివాడే అయిన మిచీల్, ఆ రోజు రెండో లారీలో అతని వెనకే ఉన్నాడు.

రిపోర్టు రెండు ముక్కల్లో తేల్చేసింది. డ్రైవర్ నిర్లక్ష్యం. వాహనం అదుపు తప్పింది.

పది నెలలుగా కున్నేయ్ అర్జీలు పెడుతూనే ఉంది. నిన్న కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ అకులీనా ఫోన్లో చెప్పింది: "పైనుంచి ఒత్తిడి. రేపు ఆరింటికి ఫైలు మూసేస్తున్నారు. కళ్ళారా చూసినవాణ్ణి ఒక్కణ్ణి తీసుకురా అక్కా. ఒక్కణ్ణి చాలు."

ఇవాళ మధ్యాహ్నం మిచీల్ తనే వచ్చి తలుపు కొట్టాడు. కళ్ళెర్రగా ఉన్నాయి. "నేను చెప్తానక్కా. ఇక దాచలేను. లారీల్లో పిండి బస్తాల కింద మముత్ ఏనుగు దంతాలు పెట్టి దొంగచాటుగా పంపిస్తున్నాడు మా ఓనరు గవ్రీల్. ఎర్చిమన్న చూసేశాడు. అందుకే చంపించాడు."

ఆ మాట వినీ వినగానే ఆమె బండి తీసింది. రోజూ పన్నెండు మందితో పట్నం వెళ్ళే బండి. రొట్టె ముక్కలా ఉంటుందని రొట్టె బండి అంటారు. ఇవాళ ఒక్కడే ప్యాసింజర్. ఆమె ఫోను కూడా అతనే తీసుకుని స్విచాఫ్ చేశాడు. సిగ్నల్ పట్టుకుని వస్తారట!

ఆ ఒక్కణ్ణి ఆరింటికల్లా అకులీనా బల్ల ముందు నిలబెట్టాలి. అంతే. తర్వాత ఏమైనా కానీ.

రోడ్డు కిందికి వంగింది.

లేనా నది.

అవతలి ఒడ్డు కనపడదు. గడ్డకట్టిన నీటి మీద రోడ్డు మొదలయ్యేచోట బోర్డు... మూడు టన్నులు దాటితే ప్రవేశం లేదు. రోడ్డుకి రెండు పక్కలా మంచులో పాతిన కొమ్మలు. కొమ్మలు దాటితే ప్రాణానికి ఎవరూ పూచీ కాదు.

ఆమె డాష్‌బోర్డు మీది పొట్లం అందుకుంటుంది. అందులో అట్టు ముక్క, నదికి నైవేద్యం. ఇక్కడ నదిని అమ్మమ్మ అంటారు.

"ఇప్పుడు పూజలేంటి అక్కా? వెనకాల చూడు!"

"అమ్మమ్మకి పెట్టకుండా నది ఎక్కుతానా?"

"వచ్చేటప్పుడు రెండు పెడుదువుగానీ. పోనీ!"

ఆమె పొట్లం కింద పెట్టేసింది. సీటుబెల్టు విప్పింది. అది నది కట్టుబాటు. నీటి మీద ఎవరూ బెల్టు పెట్టుకోరు. మంచు విరిగితే దూకాలి. మిచీల్ తన వైపు తలుపు కాస్త తెరిచి, మధ్యలో బూటు అడ్డం పెట్టాడు. చల్లగాలి లోపలికి కొడుతోంది.

బండి నది మీదికి దిగింది.

కింద మంచు మూలిగింది... అది మామూలే. మూలగడం ఆగితేనే భయపడాలి.

జీపు కూడా దిగింది. కానీ దగ్గరికి రావడం లేదు. వంద అడుగులు వదిలి వస్తోంది. మళ్ళీ లైట్లు. మూడుసార్లు.

మాట్లాడకపోతే ఆమెకి పిచ్చెక్కేలా ఉంది.

"మిచీల్... ఆ రోజు ఎలా జరిగిందిరా? ఇంతవరకూ నాకు సరిగ్గా చెప్పలేదు."

"ఇప్పుడా?"

"అకులీనాకి ఎలాగూ చెప్పాలిగా. ముందు నాకు చెప్పు."

అతను గడ్డం రుద్దుకున్నాడు.

"వాళ్ళ జీపు వెనకనుంచి తోసుకుంటూ వచ్చిందక్కా. అన్న బ్రేకు కొట్టాడు. అంతే! ఇందాక మనకైనట్టే... లారీ అద్దం మీద జారినట్టు జర్రున జారింది. ఏభై అడుగులు. స్టీరింగ్ తిప్పుతున్నాడు, నాకు కనిపిస్తోంది... బండి తిరగట్లేదు..."

కున్నేయ్ వింటోంది.

వింటూనే ఉంది.



ఆ రోజు పొద్దున తలుపు పక్క థర్మామీటర్ చూసి ఎర్చిమ్ నవ్వాడు. మైనస్ ఏభై ఒకటి. "ఇవాళ నిద్రపోతూ నడపొచ్చే. రోడ్డు గరుకు కాగితంలా ఉంటుంది," అన్నాడు.

ఏభై దాటిన చలిలో మంచు జారదు! ఎండి, గట్టిపడి, టైరుని పళ్ళతో పట్టుకుంటుంది. ఈ నేల మీద పుట్టిన ప్రతి డ్రైవరుకీ తెలుసు. మిచీల్‌కీ తెలుసు.

కానీ ఇవాళ జారాడు. ఇవాళ భయపడ్డాడు. ఇవాళ్టి మంచు తీసుకెళ్ళి ఆ రోజు రోడ్డు మీద పరిచేశాడు!

చూసినవాడు అలా చెప్పడు...

అబద్ధం అల్లేవాడే చెప్తాడు.

స్టీరింగ్ మీద వేళ్ళు బిగుసుకున్నాయి. మొహం మాత్రం రోడ్డు మీదే ఉంచింది.

వెనక లైట్లు. మూడుసార్లు. ఆగు, ప్రమాదం.

ప్రమాదం వెనక లేదు. పక్కనే ఉంది!

"అక్కా, ముందు ఎడమకి తిప్పు." మిచీల్ గొంతు మామూలుగా ఉంది. మరీ మామూలుగా. "లంక పక్కనుంచి అడ్డదారి. జీపు బరువు, రాలేదు."

లంక పక్కన! అక్కడ అడుగున ఊటలున్నాయి. జనవరిలో కూడా గడ్డ సరిగ్గా కట్టదు.

"కొమ్మలు దాటాలేమో కదరా..."

"దాటు."

"నువ్వెప్పుడైనా వెళ్ళావా అటు?"

అతను కోటులోకి చెయ్యి పెట్టాడు.

కోటులోంచి చెయ్యి బయటికొచ్చింది. చేతిలో పిస్టల్!

"స్టీరింగ్ మీద నీ వేళ్ళు బిగుసుకున్నప్పుడే చూశానక్కా," అన్నాడు మెల్లగా. "ఎక్కడ తప్పాను?"

"జారిందన్నావు."



మిచీల్ నవ్వాడు. నవ్వులో ఏడుపు కలిసింది. "ఛ... ఏభై ఒకటి కదా ఆ రోజు!"

"ఎలా చంపావురా?"

"ఎందుకులే..."

"ఎలాగూ చస్తున్నానుగా. చెప్పు."

"కనుమ మీద నా లారీ ఆపి బానెట్ ఎత్తి నిలబడ్డాను." అతని కళ్ళు బయటికి తిరిగాయి. "అన్న ఆగకుండా పోడని తెలుసు. టూల్‌బాక్సు పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. 'చలికి ముక్కు ఊడిపోతుందిరా, టీ తాగు ముందు' అని ఫ్లాస్కు నా చేతిలో పెట్టి, ఇంజన్‌లోకి వంగాడు..."

చాలు.

ఇంక వినక్కర్లేదు.

ఆగినందుకు చంపాడు!

"నువ్వు అర్జీలు పెట్టకుండా ఉంటే ఇంతదాకా వచ్చేది కాదక్కా. ఫైలు ఎప్పుడో మూసేసేవాళ్ళు, అందరం బతికేవాళ్ళం. ఇవాళ మూసినా నువ్వు ఊరుకోవు." పిస్టల్ ఆమె పక్కటెముకలకి ఆనింది. "ఎడమకి. మెల్లగా. చివర్లో నేను దూకేస్తా. మంచు మీద జారి నదిలో పడ్డావంటారు. ఇవాళైతే ఎవడైనా నమ్ముతాడు."

"సరే." ఆమె తల ఊపింది. "అమ్మమ్మకి అట్టు పెట్టనివ్వలేదు. హారనైనా కొట్టనీ. నీకూ మంచిదేరా... ఆవిడ మీదే కదా దూకుతావు?"

మిచీల్ తడబడ్డాడు. ఎంతైనా ఈ నది ఒడ్డున పుట్టినవాడే. "కొట్టు. త్వరగా."

కుడిచెయ్యి హారన్ మీద పడింది.

పొడుగ్గా... ఇంకా పొడుగ్గా... చెవులు గింగురుమనేలా...

ఆ మోత కింద ఎడమచెయ్యి భుజం పక్కకి పాకింది. బెల్టు లాగింది. ఒళ్ళోకి తెచ్చింది.

క్లిక్!

నది మీద బెల్టు! ఇప్పుడు మంచు విరిగితే ఆమె శవం కూడా పైకి రాదు.

హారన్ ఆగింది.

"తిప్పు!" అన్నాడు మిచీల్.

"ఎడమకేగా?"

స్టీరింగ్ మొత్తం ఎడమకి తిప్పేసింది. రెండు కాళ్ళతో బ్రేకు మీద నిలబడింది!

మైనస్ నాలుగు తన పని తను చేసింది.

బండి బొంగరమైంది. కొమ్మలు, లైట్లు, చీకటి, కొమ్మలు, లైట్లు... మిచీల్ సీట్లోంచి లేచాడు. బూటు అడ్డం పెట్టిన తలుపు భళ్ళున తెరుచుకుంది...

ఢాం!

టాప్‌లో కన్నం పడింది.

"అక్కా—"

సీటు ఖాళీ!

బెల్టు ఆమె భుజాన్ని కోస్తోంది. బండి ఇంకా తిరుగుతోంది... తిరుగుతోంది... రోడ్డంచు మంచుగట్టుకి గుద్దుకుని, కొమ్మలకి జానెడు ఇవతల ఆగింది.



నది మూలగడం లేదు!

ఆమె బెల్టు విప్పింది. తలుపు తోసుకుని మంచు మీద పడింది. ఒక్క హెడ్‌లైటు మిగిలింది. ఆ వెలుగులో కొమ్మలకి అవతల మంచు విరిగి నల్లగా ఒక మడుగు... మడుగులో ఒక తల... అంచు పట్టుకున్న రెండు చేతులు.

"అక్కా! అక్కా... చచ్చిపోతున్నా!"

పిస్టల్ లేదు. టోపీ లేదు. పట్టుకున్నచోటల్లా మంచు విరుగుతోంది.

ఆమె నిలబడి చూసింది.

వెళ్ళిపోవచ్చు. ఎవరూ అడగరు. జారిపడ్డాడంటే చాలు, ఇవాళైతే ఎవడైనా నమ్ముతాడు!

కానీ ఎర్చిమ్ ఆగేవాడు. పైగా... ఆరింటికి ఆమెకొక మనిషి కావాలి. చూసినవాడు. ఒక్కడు చాలు.

సీటు కిందనుంచి తాడు లాగింది. ఒక కొస బంపరుకి ముడేసింది. పొట్ట మీద పాకింది... కొమ్మల దాకా... కొమ్మలు దాటి ఇంకో నాలుగడుగులు... తాడు విసిరింది.

అతను అందుకున్నాడు. మణికట్టుకి చుట్టుకున్నాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"లాగు... లాగక్కా!"

ఆమె లాగలేదు.

"ఆ రోజు మంచు జారిందారా?"

"అక్కా... నీళ్ళు..."

"జారిందా?"

"లేదు!" నది మీదంతా వినపడేలా అరిచాడు. "జారలేదు! నేనే... జాకీ రాడ్డుతో కొట్టా... నేనే లారీని తోశా... గవ్రీల్ చెప్పాడు... లాగక్కా!"

ఆమె వెనకాల మంచు కిర్రుమంది.

బూట్లు. ఎవరో నిలబడి ఉన్నారు. తాడు కొస బంపరు నుంచి విప్పి, వెనకొచ్చి ఆగిన జీపు కొక్కేనికి తగిలిస్తున్నారు.

జీపులో డ్రైవరు ఒక్కడే మిగిలాడు. కిందికి దిగింది ఒక ఆడమనిషి. పోలీసు టోపీ, మోకాళ్ళదాకా కోటు.

"అకులీనానా?" కున్నేయ్ తల తిప్పి చూసింది.

"లైట్లు ఎన్నిసార్లు వెయ్యాలి అక్కా నీకు?" ఇన్‌స్పెక్టర్ ఆయాసపడుతోంది. "పాత రిపోర్టులో సాక్షి సంతకం వీడిదేనని ఇవాళే చూశాను. ఊళ్ళోకొచ్చి అడిగితే వీడితోనే బయల్దేరావన్నారు!"

తాడు బిగిసింది. మిచీల్ మోచేతుల దాకా పైకి వచ్చి, మళ్ళీ జారాడు.

"వీడు చెప్పింది..." అంది కున్నేయ్.

"ప్రతి ముక్కా విన్నాను." అకులీనా గడియారం చూసుకుంది. నాలుగు నలభై. "ఆరింటికి టైముంది. లాగుదాం పద. ఫైల్లోకి వీడు బతికే రావాలి!"