దులుపురాయి మీద పగిలిన గుడ్డు

కుందవరం రాజ్యంలో పిట్టలు లేవు. పొలంలో కొంగ వాలదు, చూరులో పిచ్చుక గూడు కట్టదు. పిట్టలు లేని చోట పురుగులదే రాజ్యం. వరి పొట్టకొచ్చే వేళకు మిడతలు దిగేవి. పోయేటప్పుడు గడ్డిపరక కూడా మిగిల్చేవి కావు. జనం ఆకలితో పడుకుని, ఆకలితో లేచి, ఒకే మనిషిని తిట్టేవారు. "అంతా ఆ దొంగరాణి చేసింది" అనేవారు.

రాజ్యానికి ఉత్తరాన ఒక పెద్ద సరస్సు, దాని చుట్టూ ఊబినేలలు ఉన్నాయి. ఆ చోటును కొంగలమడుగు అంటారు. పూర్వపు రాజులు దాన్ని అభయభూమిగా విడిచిపెట్టారు. ఎవరైనా వెళ్లవచ్చు, పడవలో తిరగవచ్చు, కళ్లారా చూడవచ్చు. వేటాడకూడదు. ఏదీ పట్టుకుపోకూడదు, తామరగింజ కూడా. తిరిగి వచ్చేవాళ్లు పొలిమేరలో ఉన్న రాతి దగ్గర ఆగి ఒడి, కొంగు, తలపాగా దులిపి మరీ రావాలి. అందుకే ఆ రాతికి దులుపురాయి అని పేరు.

ఒక శీతాకాలంలో జయధ్వజ మహారాజు, రాణి మందాకిని పరివారంతో అక్కడికి విహారానికి వెళ్లారు. తిరిగి వస్తూ రాణి పల్లకీ దిగి, అందరిలాగే రాతి దగ్గర ఒడి దులిపింది. ఒడిలోంచి గూడబాతు అనే పెద్ద నీటిపిట్ట గుడ్డు జారి రాతి మీద పడి పగిలింది. ఆ క్షణంలోనే పైనుంచి ఒక గొంతు వినిపించింది. "నా బిడ్డను ఎత్తుకుపోయేదానా! రెక్కలు మొలిచి ఇక్కడే పడి ఉండు. ఇక మీద నీ రాజ్యంలో ఒక్క పిట్ట ఎగరదు!"

జనమంతా చూస్తుండగా రాణి బూడిదరంగు కొంగై ఎగిరిపోయింది. ఆమె కూతురు కువలయ అప్పటికి ఉయ్యాలలో ఉంది.

కువలయ "దొంగరాణి కూతురు" అన్న మాట వింటూ పెరిగింది. పెరిగి పెద్దదయ్యాక, ఇంకో పంట మిడతల పాలైన రోజున, తండ్రి దగ్గరకు వెళ్లింది.

"కొంగలమడుగుకు వెళ్తాను నాన్నా. అమ్మను తీసుకొస్తాను."

రాజు ముఖం పాలిపోయింది. "వద్దమ్మా" అన్నాడు.

"ఎందుకు వద్దు?"

రాజు కిటికీ వైపు తిరిగాడు. జవాబు చెప్పలేనివాడి మాటకు ఆగిపోతే ఏ పనీ జరగదు. కువలయ అటుకులు మూటగట్టుకుని బయలుదేరింది.

ఊబి అంచున గడ్డి కోస్తున్న పోలి అనే ముసలమ్మ ఆమె పట్టుపావడాను ఎగాదిగా చూసింది. "ఆ పావడా మా బురదకి బాగా నచ్చుద్దిలే" అని నవ్వింది. తర్వాత తన చేతిలోని వెదురుగడ ఇచ్చింది. "దిగబడితే తన్నుకోమాక పిల్లా. తన్నుకునేవోళ్లనే లోపలికి లాగుద్ది."

కువలయ గడతో నేల పొడుచుకుంటూ నడిచింది. కొంత దూరం పోయేసరికి బురద బుడబుడమంది. అందులోంచి గుమ్మడికాయంత తల పైకి లేచింది. అది ఊబిరాక్షసుడి తల.

"ఎవరే నా నెత్తిన నడిచేది?"

"కుందవరం రాజు కూతురిని. కువలయను."

"ఓహో, రాణిగారి గారాలపట్టివా! ఏం, మీ కోటలో కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయా?" రాక్షసుడు పగలబడి నవ్వాడు. "ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆ గుడ్డు తీసిందెవరు?"

"మా అమ్మ."

ఆ మాటకు కువలయ మోకాళ్ల దాకా దిగబడింది.

"నువ్వు చూశావా?"

"ఊరంతా అదే అంటుంది."

నడుము దాకా దిగబడింది.

"అయితే ఎవరో శత్రువు పెట్టి ఉంటాడు!" అని అరిచింది. బురద గుండెల దాకా వచ్చింది. గింజుకోబోయి, పోలి మాట గుర్తొచ్చి ఆగింది. తనకు నిజంగా తెలిసిందేమిటో ఆలోచించింది. అప్పుడు నెమ్మదిగా, "నాకు తెలియదు" అంది.

పాదాల కింద నేల గట్టిపడింది. మెల్లగా ఆమెను పైకి ఎత్తింది.

"హమ్మయ్య! ఈ మాట విని ఎన్నేళ్లయిందో. ఇక్కడికి వచ్చే ప్రతివాడికీ అన్నీ తెలుసు. నా కడుపు నిండా అన్నీ తెలిసినవాళ్లే" అని రాక్షసుడు బురదలోకి జారుకున్నాడు.

ఊబి దాటితే జమ్ముగడ్డి. మనిషిని మించి పెరిగిన గడ్డి మధ్య దారి ఎటో తెలియలేదు. ఒక బావురుపిల్లి నీటి ఒడ్డున కూర్చుని తోక ఆడిస్తూ ఉంది.

"దారి చూపిస్తాను. ముందు నాకో చేప పట్టిపెట్టు. పొద్దుటి నుంచి ఒక్కటీ పడలేదు" అంది.

"ఇక్కడ నేనేదీ పట్టకూడదు. అటుకులున్నాయి, తింటావా?"

"అటుకులా! నన్ను చూస్తే పెళ్లింటి పిల్లిలా ఉన్నానా?" అని సణుగుతూనే మూటంతా ఖాళీ చేసింది. మూతి తుడుచుకుంది. "నువ్వు చేప మీద చెయ్యి వేసి ఉంటే నీ పిక్క నా పళ్ల మధ్య ఉండేది. మీ రాచవాళ్ల చేతులు మహా పొడవు మరి. ఆ రోజు చూశానుగా."

"ఏ రోజు? ఏం చూశావు?"

"నేను ఈ జమ్ములోనే పడుకుని ఉన్నాను. గూట్లోంచి గుడ్డు తీసిన చెయ్యి చూశాను. పడవలో కునుకు తీస్తున్న మీ అమ్మ ఒడిలో దాన్ని పెట్టడమూ చూశాను. మొహం కనపడలేదు. చెయ్యే కనపడింది. దానికి గాజుల్లేవు."

రాణి నిద్రపోతున్న పడవలోకి చెయ్యి చాపగల మగవాడు ఎవరో కువలయకు తెలుసు. తెలియనట్టే నడిచింది. పిల్లి ముందు నడిచింది.

జమ్ము దాటేసరికి సరస్సు కనిపించింది. రాజ్యంలో లేని పిట్టలన్నీ అక్కడ ఉన్నాయి. నీటి మధ్యనున్న తుమ్మచెట్టు మీద ముసలి గూడబాతు ఒకటి కూర్చుని ఉంది. పిట్టలన్నింటికీ అదే పెద్ద. కువలయను చూసి కొంగల గుంపు గుప్పున లేచింది. ఒక్క బూడిదరంగు కొంగ మాత్రం లేవలేదు. అది నీళ్లలో అడుగులు వేసుకుంటూ వచ్చి ఆమె పక్కన నిలబడింది.

"తాతా, మా అమ్మ గుడ్డు దొంగిలించలేదు" అంది కువలయ.

"ఇప్పుడు నాకూ తెలుసు, బావురుపిల్లి చెప్పింది" అన్నాడు గూడబాతు. "ఆ గుడ్డు నా ఇంటిది. ఎవరి ఒడిలోంచి పడిందో చూశాను, నోరు జారాను. ఎవరు పెట్టారో ఆగి అడగలేదు. దానివల్ల నా బిడ్డ బతకలేదు. నీకు తల్లి మాత్రం దూరమైంది."

"అయితే శాపం వెనక్కి తీసుకోండి."

"అది నా వల్ల కాదమ్మా. గుడ్డు పెట్టినవాడు ఆ రాతి దగ్గరే నిలబడి, జనం ముందు, నేనే పెట్టానని చెప్పాలి. తనంతట తాను చెప్పాలి. ఎవరైనా చెప్పించారా, ఈమె ఎప్పటికీ కొంగే."

కువలయ కొంగ మెడ నిమిరింది. "ఆ చెయ్యి ఎవరిదో నీకు తెలుసా అమ్మా?"

కొంగ ముఖం నీటి వైపు తిప్పుకుంది.

కువలయ కోటకు వచ్చేసరికి రాజు భోజనానికి కూర్చుని ఉన్నాడు. విన్నదంతా చెప్పింది. గాజుల్లేని చెయ్యి అన్న చోట రాజు తన కుడిచేతిని పైపంచె కింద దాచుకున్నాడు.

"గుడ్డు చూసి మీ అమ్మ 'ఎంత తెల్లగా ఉందో' అంది. ఇంటికి వెళ్లాక ఒడిలో చూసుకుని నవ్వుతుందనుకున్నాను. రాణిని దులపమని ఎవరడుగుతారు? ఆమే పల్లకీ దిగుతుందని నేననుకోలేదు."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"ఆ రోజు భయపడ్డాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాటికి జనం ఆమెను దొంగ అనేశారు. ఆ తర్వాత చెప్పడం ఇంకా కష్టమైంది." తల ఎత్తాడు. "ఇప్పుడు చెబితే రాళ్లతో కొడతారు."

"కొట్టవచ్చు."

"సింహాసనం పోతుంది."

"పోవచ్చు."

"నన్ను చెప్పమంటావా?"

"అనను నాన్నా. నేను చెప్పమంటే అమ్మ రాదు."

కువలయ లేచి వెళ్లిపోయింది. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. రాజు ముందున్న అన్నం చల్లారి గట్టిపడింది. పిల్లలూ, జయధ్వజుడు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఇంత కథ లేదు. భార్య మీద ప్రేమ ఉంది, ధైర్యం లేదు. ధైర్యం లేని ప్రేమ ఎవరికీ అన్నం పెట్టదు.

మర్నాడు ఊళ్లలో దండోరా వేశారు. జనం దులుపురాయి దగ్గర చేరారు. రాజు కిరీటం తీసి కూతురి చేతికిచ్చి, రాతి మీదికి ఎక్కాడు. జనం వైపు తిరిగాడు.

"గుడ్డు తీసింది నేను. ఆమె నిద్రలో ఉండగా ఒడిలో పెట్టింది నేను. రాణి దొంగ కాదు. ఇన్నేళ్లూ మీరు తిట్టవలసింది నన్ను."

ఎవరూ రాయి విసరలేదు. అంతకన్నా కష్టమైనది జరిగింది. అందరూ నిశ్శబ్దంగా ఆయన వైపే చూశారు.

బూడిదరంగు కొంగ ఒకటి వచ్చి వాలింది. వాలిన చోట మందాకిని నిలబడి ఉంది. జుట్టు నెరిసింది. వెనుకే పిట్టలు ఆకాశాన్ని కప్పేస్తూ పొలాల మీదికి సాగిపోయాయి.

కువలయ తల్లిని కావలించుకుంది. మందాకిని కూతురి జుట్టు, బుగ్గలు, భుజాలు తడిమింది. "ఇంతదానివయ్యావా? నీ ఒక్క అడుగూ నేను చూడలేదే!" అని ఏడ్చింది.

రాజు దిగి వచ్చి చేతులు జోడించాడు. "గుడ్డు సంగతి క్షమించు మందాకినీ."

"గుడ్డుదేముంది ప్రభూ, అది ముచ్చటపడి చేసిన పని" అంది రాణి. "నన్ను దొంగ అంటుంటే పక్కన కూర్చుని విన్నారే, దాన్నేం చేయను? ఆ ఏళ్లు ఎక్కడి నుంచి తెచ్చిస్తారు?"

ఆమె కూతురి చెయ్యి పట్టుకుని నడిచింది.

కువలయ సింహాసనం ఎక్కింది. ఆ ఏడు వరి కంకులు బరువుకు వంగిపోయాయి. పిల్లలు పెద్దవాళ్లను అడిగి ఒక్కో పిట్ట పేరూ నేర్చుకున్నారు. జయధ్వజుడు కోటకు రాలేదు. కొంగలమడుగు పొలిమేరలో గుడిసె వేసుకుని, వచ్చేపోయేవాళ్లకు దారి చెబుతూ ఉండిపోయాడు.

ప్రతి శీతాకాలం మందాకిని సరస్సు చూడటానికి వెళ్లేది. గుడిసె ముందు నుంచే వెళ్లేది. ఆయన లేచి నిలబడేవాడు. ఆమె ఆగేది కాదు. అలా చాలా ఏళ్లు గడిచాయి. ఇద్దరూ ముసలివాళ్లయ్యారు.

ఒక ఏడాది ఆమె ఆగింది.

"కాసిని మంచినీళ్లుంటే ఇవ్వండి" అంది.

ఆయన తెచ్చి ఇచ్చాడు. తొందరలో సగం ఒలికిపోయాయి. ఆమె మిగిలినవి తాగి, చెంబు ఆయన చేతికిచ్చి, సరస్సు వైపు వెళ్లింది. అంతకన్నా ఇవ్వడం ఆమె వల్ల కాలేదు. అంతకన్నా అడిగే ముఖం ఆయనకు లేదు.