సిద్ధయ్య కొలిమిలో బారెడు కడ్డీ

పెన్న వరద పొలాల్లో ఇసుక మేటలు వేసిన మరుసటి ఏడు, ఉదయగిరి కోట గోడ నీడలో, గొర్రెల బేరగాడి వేషంలో వచ్చిన గూఢచారి సంస్థ చీఫ్, తన ఏజెంట్ మాధవ్‌కు ఒక ఫోటో ఇచ్చాడు.

"విదేశీ ముఠా కొరియర్. రేపు ఆత్మకూరులో పదకొండు గంటల నెల్లూరు బస్సు ఎక్కుతాడు. వాడి దగ్గరున్న పెన్‌డ్రైవ్‌లో బయటి దేశాల్లో ఉన్న మన గూఢచారులు నలభై మంది పేర్లు."

ఆ నలభైలో మాధవ్ తమ్ముడు చైతన్య ఒకడు.

తెల్లారేసరికి మాధవ్ బస్టాండు ఎదుట కమ్మరి సిద్ధయ్య కొలిమిలో పనివాడయ్యాడు. సాయానికి హెడ్డాఫీసు పంపిన ఏంజెలిన్ కొడవలి సానకొచ్చినట్టు వచ్చి ఇద్దరికీ టీ ఇచ్చింది. ఆమె డబుల్ ఏజెంటని తెలిసేసరికి టీ అయిపోయింది.

మెలకువ వచ్చేసరికి పదిన్నర. సిద్ధయ్య చేతులు, మాధవ్‌కు అందని మూలగుంజకు కట్టేసి ఉన్నాయి. మాధవ్ కాలికి ఇనుప కడెం, దాన్ని రాతిగుంజకు కలుపుతూ బారెడు ఉక్కు కడ్డీ. ఫోన్లు లేవు. సుత్తి, ఉలి లేవు. తలుపుకు బయట గడియ. పక్క రైసుమిల్లు మోతలో కేక వేసినా వినేవాడు లేడు.

మాధవ్ వాచీలోంచి రంపపు తీగ లాగి కోశాడు. గీత కూడా పడలేదు.

"తెగదు అబ్బయ్యా," అన్నాడు సిద్ధయ్య. "చల్లగా ఉండంగనే రోలర్ల మధ్య నలిపిన ఉక్కు. నలిగేకొద్దీ మొండికేస్తాది."

"మరెట్టా పెద్దాయనా?"

"కొలిమి ఆరలా. నడుము ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చు. మెల్లగా ఆరితే మెత్తబడతాది. అప్పుడు కొయ్యి."

"ఎంతసేపు?"

"గంట."

"బస్సు అరగంటలో పోతాది."

"నాకు చెప్తావేంది? ఉక్కుకు చెప్పు."

వేరే దారి లేదు. కాల్చాడు. పదీ యాభై ఐదుకు కడ్డీ నడుము ఎర్రబడింది. బూడిదలోకి లాగబోతుండగా సిద్ధయ్య కాలు నీళ్ళతొట్టిని తన్నింది. కడ్డీ సుయ్యిమంది.

"ఏంది పెద్దాయనా ఈ పని?"

"యాభై ఏళ్ళ అలవాటు. ఆ ఎరుపు కనపడితే నీళ్ళు పట్టాల్సిందే. కాలు ఆగలా. ఇప్పుడింకా గట్టిపడినాది."

బయట కండక్టర్ విజిల్. మాధవ్‌కు చైతన్య మొహం కళ్ళముందు ఆడింది. చేసేదేమీ లేక, ఉక్రోషంతో కడ్డీని రాతిగుంజకేసి బాదాడు.

పటుక్కున గాజులా విరిగింది.

"అవున్లే," అన్నాడు సిద్ధయ్య. "నీళ్ళు పట్టినాక మళ్ళీ కాస్త సెగ చూపించాల. చూపకుంటే గట్టిదే గాని, దెబ్బకు ఆగదు."

మాధవ్ గడియ ఊడేలా తలుపు తన్ని, కాలికి సగం కడ్డీ ఈడ్చుకుంటూ పరిగెత్తాడు. కదిలిన బస్సు ఫుట్‌బోర్డు మీద కొరియర్ కాలరు దొరికింది. పెన్‌డ్రైవ్ దొరికింది. ఏంజెలిన్ దొరకలేదు.

మరుసటి ఉదయం కాలి కడెం తీయించుకోవడానికి కొలిమికి వెళ్ళాడు. వరికోతల కాలం. కొడవళ్ళతో ఆరుగురు ముందున్నారు.

"దేశం పని చేసినాను పెద్దాయనా," అన్నాడు చెవిలో.

"చేసినావులే. వరసలో కూర్చో."

మాధవ్ ఏడోవాడిగా కూర్చున్నాడు.