రెండు కెమెరాలు, ఒక ఎర్ర కాగితం

"ఆ పెద్దది తీస్కోకుండ్రి. పొద్దుగూకెవరకు మెడ గుంజుతది."

రేఖ వెనక్కి తిరిగి చూసింది. స్టూడియో తలుపు దగ్గర ఒక యువకుడు వానకు తడిసి నిలబడి ఉన్నాడు. చేతిలో గొడుగు ఉంది, ముడిచిన గొడుగు. ఉన్న గొడుగు విప్పుకోవడం తెలియని మనిషి తనకు సలహా చెబుతున్నాడని ఆమెకు మొదటి క్షణంలోనే ఒళ్లు మండింది.

"మిమ్మల్ని ఎవరడిగిన్రు?"

"ఎవరూ అడగలే. చూసి ఊకోబుద్ధి కాలే."

గద్వాలలో తిరుపతయ్య ఫొటో స్టూడియో అది. కౌంటర్ మీద రెండు కెమెరాలున్నాయి. రెండూ ఎవరో వాడి అమ్మకానికి పెట్టినవే. ఒకటి నల్లగా, లావుగా, పొడవాటి లెన్స్‌తో దర్జాగా కూర్చుంది. రెండోది వెండి రంగుది, రెండు అరచేతుల్లో దాచేయగలిగినంత చిన్నది.

రేఖ దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. వారమంతా మైక్రోస్కోపులో కళ్లు పెట్టి రక్తం చుక్కలు చూస్తుంది. సెలవు రోజున అవే కళ్లతో తుంగభద్ర ఒడ్డున కొంగల వెంట పడుతుంది. కాలేజీ రోజుల్లో కొన్న బుల్లి కెమెరా ఈ మధ్య మబ్బు పట్టిందంటే చాలు, ఫొటో నిండా ఇసుక చల్లినట్టు తీస్తోంది. అందుకే మూడేళ్లు ఆగి, మంచిది ఒకటి కొనడానికి వచ్చింది. ఒకటే. మళ్లీ కొనాలంటే ఇంకెన్నేళ్లు పడుతుందో ఆమెకే తెలియదు.

"దీని జూమ్ చూసిన్రా? నది అవతల ఉన్న కొంగ కన్ను గూడ కనిపిస్తది" అంది.

"కొంగ కన్ను చూసి ఏం జేస్తరు?"

"మీరేం జేస్తుంటరు?"

"నేను యేసుబాబు."

"పేరు అడగలే. పని అడిగిన."

"విత్తన పత్తి చేండ్లల్ల సూపర్‌వైజర్. సెలవు దొరికితే నేను గూడ మీ లెక్కనే, కెమెరా పట్టుకొని తిరుగుత." అతను కౌంటర్ దగ్గరికి వచ్చాడు. "ఎవరి ఫొటో తియ్యాలని కొంటున్నరు? ముందు గది చెప్పుండ్రి."

కొంగలు అని చెప్పబోయి రేఖ ఆగింది. ఎందుకో నిజం చెప్పాలనిపించింది.

"మా అమ్మది."

రేఖ నాన్న ఇస్రాయేలు ఎనిమిది నెలలుగా పుణెలో బిల్డింగ్ పనుల్లో ఉన్నాడు. మొన్న ఫోన్‌లో, "మీ అమ్మ ఫొటో ఒకటి పంపు బిడ్డా. ఆధార్ కార్డు మీద ఉన్నట్టు గాదు, నవ్వేది పంపు. ఎట్ల నవ్వుతదో మరిచిపోయేటట్టున్న" అన్నాడు. పరాచికానికి అన్నట్టే అన్నాడు కానీ, చివరి మాట పరాచికం కాదని రేఖకు తెలిసింది. ఆ రాత్రి రేఖ ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ వెతికింది. అమ్మ నవ్విన ఫొటో ఒక్కటి కూడా లేదు. కెమెరా కనిపిస్తే చాలు, మణెమ్మ కొంగు సర్దుకుని, చేతులు కిందికి దించి, గడ్డం పైకెత్తి గుంజలా నిలబడుతుంది.

"అయితే చిన్నదే మంచిది" అన్నాడు యేసుబాబు. "పెద్దదాని లోపల అద్దం ఉంటది. నొక్కినప్పుడల్లా అది లేస్తది, టక్ మంటది. ఆ సప్పుడుకు మనుషులు బిగుసుకపోతరు. చిన్నదాంట్ల అద్దమే లేదు. సప్పుడు బంద్ పెడితే, ఫొటో తీసినట్టు వాళ్లకు తెల్వనే తెల్వదు."

చెబుతున్నంతసేపూ అతని కనురెప్పల మీద వాన చుక్కలు నిలిచి ఉన్నాయి. రేఖ వాటిని చూసింది. చూసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

తిరుపతయ్య రేఖకు పదో తరగతి హాల్ టికెట్ ఫొటో తీసిన మనిషి. "రెండూ తీస్కపో బిడ్డా. ఆదివారం దాకా వాడి చూడు. ఒకటి ఉంచుకో, ఒకటి తెచ్చియ్యి" అన్నాడు. తర్వాత యేసుబాబు వైపు చూసి గట్టిగా దగ్గాడు. వానకు జలుబు చేసిందేమో అనుకుంది రేఖ.

రాజోలి దగ్గర వాళ్ల ఊరు చేరేసరికి పొద్దు గూకింది. మణెమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టె కొడుతోంది.

"అమ్మా, నీ పని నువ్వు చేస్కో. నేను లేననుకో."

"నువ్వు లేకుంటే ఆ మిషిన్ ఎవరు పట్టుకున్నరే?"

రేఖ పెద్ద కెమెరా ఎత్తి నొక్కింది. టక్ మంది. మణెమ్మ రొట్టె వదిలి, కొంగు సర్దుకుని, గడ్డం పైకెత్తింది. పదకొండు ఫొటోలు తీస్తే పదకొండు ఆధార్ కార్డులు వచ్చాయి. రొట్టె మాడింది.

తర్వాత చిన్న కెమెరా తెరిచింది. లోపల ఎవరిదో మెమరీ కార్డు అలాగే ఉండిపోయింది. పరాయివాళ్ల ఫొటోలు చూడకూడదు. రేఖకు ఆ సంగతి తెలుసు. తెలిసే చూసింది.

అన్నీ విత్తన పత్తి చేలే. ఆ ప్రాంతంలో పత్తి పువ్వుకు పెళ్లి చేసేది తుమ్మెద కాదు, మనిషే. సాయంత్రం ఆడ మొగ్గను గోటితో ఒలిచి, గుర్తుగా ఎర్ర కాగితం తొడుగుతారు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. ఎర్ర కాగితం పెట్టారంటే తెల్లారి తప్పకుండా రావాలి. రాకపోతే ఆ మొగ్గ దండగ. క్రాసింగ్ అనే ఆ పనిలో మణెమ్మది అందెవేసిన చేయి.

ఒక ఫొటో దగ్గర రేఖ వేలు ఆగిపోయింది. మొహం లేదు, చేతులే ఉన్నాయి. బొటనవేలి గోరు నిండా పసుపుపచ్చ పుప్పొడి. చిటికెన వేలు కొద్దిగా వంకర. చిన్నప్పుడు తనకు జడలు వేసిన చేతులవి, గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది? ఎంత ఓపికగా, ఎంత ప్రేమగా తీశాడు ఎవరో. ఆమెకు కళ్లు చెమర్చాయి.

చివరి ఫొటో చూడగానే ఆ తడి ఆరిపోయింది. తిరుపతయ్య స్టూడియో అద్దంలో తనను తాను తీసుకున్న యువకుడు. చేతికి వేలాడుతున్న ముడిచిన గొడుగు.

"అమ్మా, యేసుబాబు అని ఎవరన్న ఎరుకనా నీకు?"

"మా సూపర్‌వైజర్ సారే గద. మంచి పిల్లగాడు. పెద్దమ్మా, పెద్దమ్మా అనుకుంట చేనంతా తిరుగుతడు."

మంచి పిల్లగాడు. తన కెమెరా అమ్ముకోవడానికి ఎదుటివాళ్లకు నీతులు చెప్పే మంచి పిల్లగాడు. ఆ రాత్రి రేఖ చిన్న కెమెరాను సంచిలోంచి మళ్లీ బయటికి తియ్యలేదు.

శుక్రవారం సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా స్టూడియోకి వెళ్లింది. యేసుబాబు అక్కడే ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"నీ కెమెరా అని ఎందుకు చెప్పలే?" అంది రేఖ. కోపంలో మీరు పోయి నువ్వు వచ్చేసింది. యేసుబాబుకు పాపం అది కూడా బాగానే అనిపించింది.

"చెప్త అనుకున్న..."

"ఇంకోటి గూడ ఉంది బిడ్డా, తర్వాత నన్ను అనొద్దు" అని తిరుపతయ్య మధ్యలో కలగజేసుకున్నాడు. "ఆ పెద్దది కొంటనని నెల సంది అడుగుతున్నది గూడ ఈయననే."

రేఖ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. "శబాష్. చిన్నది నాకు అంటగడ్తివి, పెద్దది నువ్వు చంకల పెట్టుకుంటివి. నేను పిచ్చిదాని లెక్క అమ్మ ముచ్చట, నాయిన ముచ్చట అంతా నీకు చెప్పుకుంటి."

ఆ చివరి మాటకు యేసుబాబు మొహంలో నవ్వు మాయమైంది.

"ఇది నాదే, కానీ నీకు ఇదే మంచిది అని చెప్తే నమ్ముతుంటివా?"

"నమ్మకపోతుంటి."

"అందుకే చెప్పలే. చెప్పకపోవుడు తప్పే, ఒప్పుకుంటున్న. పెద్దదే తీస్కో, నేను దాని ఆశ ఇడిసిపెట్టిన. కానీ నేను చెప్పింది మాత్రం అబద్ధం గాదు. ఒక్కసారి దాన్ని చేన్ల పట్టుకొని చూడు, నీకే తెలుస్తది."

"చేన్ల ఏం ఫొటోలొస్తయో నేను చూసిన. నీ కార్డుల మా అమ్మ చేతులున్నయ్."

"ఎవరి చేతులు?"

"మణెమ్మవి."

"మణెమ్మ పెద్దమ్మ బిడ్డవా నువ్వు?"

"అవు. ఏమైంది గట్ల పరేషాన్ అయితున్నవ్?"

"ఏం లే. జూన్ సంది ఆమెను పెద్దమ్మా అని పిలుస్తున్న" అన్నాడు, పంట మొత్తం పోయిన రైతులా.

రేఖకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అమ్మ అతనికి పెద్దమ్మ అయితే, తను అతనికి చెల్లెలు. అయితే ఏం? చెల్లెలు కావడానికి అతనికి అంత బాధ ఎందుకు? ఆ ‘ఎందుకు’ దగ్గరికి రాగానే ఆమె చెవులు వేడెక్కాయి.

"అయితే ఏంది?" అంది. గట్టిగా అందామనుకున్న మాట మెల్లగా వచ్చింది.

తిరుపతయ్య మళ్లీ దగ్గాడు. ఈసారి జలుబు కాదని ఆమెకు తెలిసింది.

మర్నాడు రెండో శనివారం. వాన వెలిసి చేలన్నీ కడిగినట్టున్నాయి. ఆడవాళ్లు సాళ్ల మధ్య నిలబడి, నిన్నటి ఎర్ర కాగితాలు ఒక్కొక్కటే తీసి పువ్వులు రుద్దుతున్నారు. రేఖ గట్టు మీద నిలబడి ముందు పెద్ద కెమెరా ఎత్తింది. టక్ మంది. నాలుగు సాళ్ల అవతల ఉన్న మణెమ్మ గడ్డం పైకి లేచింది.

చిన్న కెమెరా తీసి, చప్పుడు బంద్ చేసి నొక్కింది. మణెమ్మ తల ఎత్తలేదు. మళ్లీ నొక్కింది. మణెమ్మ తన మానాన తను పక్క సాలులోని కాంతమ్మతో ముచ్చట పెడుతూ పువ్వు రుద్దుతోంది. యేసుబాబు చెప్పింది నిజమే. ఆ మాట ఒప్పుకోవడం రేఖకు కొంచెం కష్టంగానూ, చాలా హాయిగానూ ఉంది.

కానీ నవ్వు మాత్రం రాలేదు. గంట గడిచింది. ఫొటోలు అందంగానే ఉన్నాయి. నాన్న అడిగింది వాటిలో లేదు.

అప్పుడు వచ్చాడు యేసుబాబు. చేతికి గొడుగు వేలాడుతోంది. గట్టు మీది రేఖను చూసి కూడా చూడనట్టు సాళ్లలోకి దిగాడు. నేరుగా మణెమ్మ ముందుకు వెళ్లి, బళ్లో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా నిలబడ్డాడు.

"ఏంది సారూ, గట్ల నిలబడ్డవ్?" అంది మణెమ్మ.

అతను గొంతు సవరించుకున్నాడు. "ఏం లే, అత్తా. ఇయ్యాల ఎన్ని సాళ్లయినయో అడుగుదామని."

అయిదు సాళ్లలో చేతులు ఆగిపోయాయి. ముందుగా కాంతమ్మ తేరుకుంది.

"నిన్నటి దాక పెద్దమ్మ, ఇయ్యాల అత్తనా? ఒక్క రాత్రిల చుట్టరికం ఎట్ల మారింది సారూ?"

చేనంతా గొల్లుమంది. మణెమ్మ యేసుబాబును చూసింది. గట్టు మీద ఎర్రబడిపోయిన కూతురిని చూసింది. మళ్లీ యేసుబాబును చూసింది. పుప్పొడి చేయి నోటికి అడ్డం పెట్టుకోబోయింది కానీ నవ్వు ఆగలేదు. కొంగు జారింది, సర్దుకోలేదు. పళ్లన్నీ కనబడేలా, కళ్లు చిన్నవైపోయేలా నవ్వింది.

రేఖ నొక్కింది. చప్పుడు లేదు. సిగ్గుపడుతూనే మూడుసార్లు నొక్కింది.

ఫొటోను అక్కడికక్కడే ఫోన్‌లోకి ఎక్కించుకుని పుణెకు పంపింది. మధ్యాహ్నం అందరూ సద్దులు విప్పుకునే వేళకు ఇస్రాయేలు ఫోన్ చేశాడు. వెనక ఎక్కడో కాంక్రీట్ మిషన్ తిరుగుతున్న చప్పుడు వినబడింది.

"గిట్లనే నవ్వుతది" అన్నాడు. "పెండ్లయిన కొత్తల గిట్లనే నవ్వుతుండె."

రేఖకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"బిడ్డా, ఆ పక్కన గొడుగు తగిలించుకున్న పిల్లగాడు ఎవరు?"

"అది... అడ్డం వచ్చిండు నాయినా. కట్ చేసి మల్ల పంపుత."

"వద్దు, ఉండనియ్యి. మీ అమ్మ నవ్వింది ఆ పిల్లగాన్ని చూసే గద. గంత నవ్వేటట్టు ఏమన్నడు?"

రేఖ ఫోన్ తల్లి చేతిలో పెట్టేసింది. మణెమ్మ ఇంకా నవ్వు తీరని గొంతుతో, "నన్ను అత్తా అన్నడయ్యా" అంది.

రేఖ సద్ది విప్పుతున్నట్టు నటిస్తూ చెవి ఇటే వేసింది. తర్వాత ఇస్రాయేలు నవ్వు ఫోన్‌లోంచి బయటికి కూడా వినబడింది.

"అననియ్యి. క్రిస్మస్‌కు వస్త గద, నన్నేమంటడో చూస్త."

సాయంత్రం మబ్బులు మళ్లీ కమ్ముకున్నాయి. ఆడవాళ్లు రేపటి మొగ్గలకు కాగితాలు తొడిగి ఇళ్లకు బయలుదేరారు. యేసుబాబు గట్టు కింద నిలబడి ఉన్నాడు. వెళ్లమంటే వెళ్లేలా లేడు, రమ్మంటే వచ్చేలా ఉన్నాడు.

"చిన్నది నేనే ఉంచుకుంటున్న" అంది రేఖ. "పెద్దది సోమవారం స్టూడియోల ఇచ్చేస్త. పోయి తెచ్చుకో. కొంగల కండ్లు చూస్కో."

"నువ్వు గూడ రారాదూ, నది కాడికి. చూపిస్త."

రేఖ గట్టు దిగింది. తను మోస్తున్న తల్లి ఒడిసంచిలో మిగిలిన ఎర్ర కాగితం ఒకటి తీసి, అతని చొక్కా గుండీకి తొడిగింది. రోజుకు వేల కాగితాలు చూసే సూపర్‌వైజర్, ఆ ఒక్కదాన్ని మాత్రం మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఇది..."

"నీకు గూడ చెప్పాల్నా సారూ? కాయితం పెట్టినంక తెల్లారి రావాలె. రాకుంటే మొగ్గ ఖరాబైతది."

"ఎక్కడికి రావాలె?"

"మా ఇంటికి. చర్చి ఇడిసినంక. అమ్మ ఉంటది, నాయిన ఫోన్ల ఉంటడు."

టపటపా చినుకులు మొదలయ్యాయి. యేసుబాబు గొడుగు విప్పాడు, విప్పి మొత్తం రేఖ మీదికే పట్టాడు. తను మాత్రం వానలో తడుస్తూ, చొక్కా మీది ఎర్ర కాగితం నానకుండా దానికి అరచేయి అడ్డం పెట్టుకుని ఆమె పక్కన నడిచాడు.